మెజారిటీ గారి బీమా

మెజారిటీకి బీమా కొనసాగించే విషయంలో ప్రజల నిర్ణయమే తన నిర్ణయమని మా ఎమ్మెల్యే జానకిరామయ్య గారు మంగళవారం ఉదయం విలేకరుల సమావేశంలో ప్రకటించారు. తొమ్మిదేళ్లు నిండిన కుక్కకు కంపెనీ మళ్లీ పాలసీ ఇవ్వదట కదా అని నేను అడిగాను.

"ప్రజల కంటే కంపెనీ గొప్పదా?" అన్నారు ఆయన. ఆ మాట రాసుకున్నాను.

మెజారిటీ అనేది కుక్క పేరు. జాతి లాబ్రడార్. తొమ్మిదేళ్ల కిందట జానకిరామయ్య గారు మొదటిసారి గెలిచిన రోజు సాయంత్రం మార్టూరు గ్రానైట్ వ్యాపారి ఒకాయన పిల్లను బుట్టలో పెట్టి తెచ్చి ఇచ్చాడు. ఆ ఎన్నికలో వచ్చిన మెజారిటీ కూడా బుట్టలో పట్టేదే కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఏటా అదే రోజున దానికి పుట్టినరోజు చేస్తారు. మిర్చి యార్డు గేటుకు ఫ్లెక్సీ కడతారు. సొంత పిల్లల వయసు తడుముకునేవాళ్లు కూడా మా నియోజకవర్గంలో మెజారిటీ వయసు ఠక్కున చెబుతారు.

రెండేళ్ల కిందట ఎమ్మెల్యే గారు సర్వప్రాణి బీమా పథకం ప్రారంభించి, మొదటి పాలసీ మెజారిటీకే చేయించారు. 'నాకు బీమా ఉంది, మరి మీ గేదెకో?' అని మెజారిటీ అడుగుతున్నట్టు ఊరూరా బోర్డులు పెట్టించారు. కుక్క అడిగాక కాదనలేక చాలామంది గేదెలకు బీమా కట్టారు.

ఇప్పుడు మెజారిటీకి పొట్ట కింద గడ్డ లేచింది. ఆపరేషన్ చేయకపోతే బతకదని పశువుల డాక్టర్ శశిభూషణ్ గారు చెప్పారు. రక్తం తక్కువగా ఉంది కనుక రెండు వారాలు మందులు వాడాకే చేయాలన్నారు. పాలసీ మాత్రం ఈ శుక్రవారంతో ముగుస్తుంది.

విలేకరుల సమావేశం అయ్యాక ఎమ్మెల్యే గారి ఇంట్లో సమాలోచన జరిగింది. ప్రకటన కాపీ కోసం నేను సోఫాలో కూర్చుని ఉన్నాను. ఎమ్మెల్యే గారి భార్య సీతారత్నం గారు పెరుగన్నంలో మాత్ర కలిపి మెజారిటీకి తినిపిస్తున్నారు.

"డబ్బు మనమే పెట్టి చేయిద్దామండీ. దానికి బీమా ఎందుకు?" అన్నారు ఆవిడ.

"పథకం పెట్టినవాడికే పథకం మీద నమ్మకం లేదంటారు."

"అనుకోనివ్వండి."

"ముసలిదైపోయిందని బీమా వదిలేశాడంటారు. మన దగ్గర పెన్షన్ ఓట్లు ఎన్నున్నాయో తెలుసా నీకు?"

పట్టణ పార్టీ అధ్యక్షుడు నాగేంద్రబాబు గొంతు సవరించుకున్నాడు. "వయసు తగ్గిద్దాం సార్."

"ఎట్టా తగ్గిస్తావయ్యా? అది పుట్టింది నేను గెలిచిన రోజు. దాని వయసు తగ్గితే నేను ఎప్పుడు గెలిచినట్టు?"

"మీరు రెండుసార్లు గెలిచారు గదా సార్. మెజారిటీలు కూడా రెండు. ఇది రెండోది. దీనికి నాలుగేళ్లే."

"మరి మొదటిది?"

"పోద్ది సార్. గురువారం పోద్ది. శుక్రవారం దాకా పాలసీ ఉంది గదా. దాని డబ్బు వస్తది, దీనికి కొత్త పాలసీ వస్తది."

ఎమ్మెల్యే గారు గోడ మీది క్యాలెండర్ వైపు చూశారు. "దుర్ముహూర్తం లేకుండా చూడు," అన్నారు.

మెజారిటీ తోక ఊపింది.

మరణ ధ్రువపత్రానికి డాక్టర్ శశిభూషణ్ గారిని పిలిపించారు. ఆయన పత్రం వైపు, తన చెప్పులు వాసన చూస్తున్న కుక్క వైపు మార్చి మార్చి చూశారు.

"ఎదురుగానే ఉందండీ," అన్నారు.

"మీది సత్తెనపల్లి గదా డాక్టర్ గారూ?" అన్నాడు నాగేంద్రబాబు. "రోజూ ఇంటికెళ్లి వస్తారంట. దగ్గరే గదా."

"దగ్గరేనండి."

"కనిగిరి ఎంత దూరం?"

డాక్టర్ గారు జేబులోంచి పెన్ను తీశారు.

గురువారం మధ్యాహ్నం మిర్చి యార్డులో సంతాపసభ జరిగింది. మెజారిటీ ఫోటోకు దండ వేశారు. మార్టూరు నుంచి గ్రానైట్ పలక వచ్చింది. దాని మీద పుట్టిన తేదీ, పోయిన తేదీ చెక్కించారు. జబ్బు కుక్కను ఒంటరిగా వదలలేక సీతారత్నం గారు దాన్ని వెంట తెచ్చారు. ఇది రెండో మెజారిటీ అని నాగేంద్రబాబు మైకులో పరిచయం చేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

"నా మొదటి మెజారిటీ నన్ను విడిచి వెళ్లిపోయింది," అని ఎమ్మెల్యే గారు అన్నప్పుడు చాలామంది కళ్లు తుడుచుకున్నారు. పక్క షెడ్డులో మిరపకాయలు తిరగేస్తున్నారు. అందరూ మౌనం పాటిస్తుండగా కుక్క వెళ్లి తన ఫోటోకు వేసిన దండ వాసన చూసి తుమ్మింది.

చివర్లో అల్లాబక్షు లేచాడు. ఆయన రెండెకరాల మిర్చి రైతు.

"అయ్యా, మా గేదె చచ్చి ఏడాదయింది. దానికీ ఈ బీమానే కట్టా. చెవికి వేసిన బీమా బిళ్ల ఊడిపోయిందని రూపాయి ఇవ్వలా."

"కూర్చో అల్లాబక్షూ," అన్నాడు నాగేంద్రబాబు. "సంతాపసభలో చావుల గురించి మాట్లాడతావేంది?"

"మాది నిజంగా చచ్చిందండి," అని అల్లాబక్షు కూర్చున్నాడు.

కంపెనీ డబ్బు త్వరగానే వచ్చింది. దాన్ని గేదెల సంక్షేమానికి ఇస్తున్నట్టు ఎమ్మెల్యే గారు ప్రకటించారు. ప్రకటన మా పత్రికలో ఫోటోతో వచ్చింది.

రెండు వారాలు అయ్యాయి. సీతారత్నం గారు కుక్కను తీసుకుని డాక్టర్ గారి దగ్గరికి వెళ్లారు.

"ఎక్స్‌రే, రక్త పరీక్షలు అన్నీ పాత మెజారిటీవి అమ్మా," అన్నారు డాక్టర్ గారు. "చచ్చిపోయిన కుక్క ఎక్స్‌రే చూసి బతికున్న కుక్కకు కోత పెడితే నా ఉద్యోగం పోతుంది."

"మళ్లీ తీయండి."

"తీస్తే గడ్డ కనపడుతుంది. ముందే గడ్డ ఉన్న కుక్కకు పాలసీ ఇవ్వరు. పాలసీ వచ్చాక కూడా మూడు నెలలు ఆగాలి. అప్పుడు గడ్డ కొత్తగా లేచిందని రాసి చేసేద్దాం."

ఆవిడ ఇంటికి వచ్చి భర్తను ఒకటే అడిగారు. "మూడు నెలలు బతుకుతుందా?"

ఎమ్మెల్యే గారు నాగేంద్రబాబు వైపు చూశారు.

"బతక్కపోతే రెండోదాని డబ్బు కూడా వస్తది మేడం," అన్నాడు నాగేంద్రబాబు. "మూడో మెజారిటీ ఎట్టాగూ వచ్చే ఎన్నికల్లో వస్తది."

సీతారత్నం గారు లోపలికి వెళ్లి కారు తాళాలు తెచ్చుకున్నారు.

గుంటూరులో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర కుక్కకు ఆపరేషన్ అయింది. పేరు అడిగితే ఇంకా పెట్టలేదన్నారట. వయసు అడిగితే తొమ్మిదేళ్లన్నారట. డబ్బు ఆవిడే కట్టారు. కుక్క కోలుకుంది. అటు నుంచి అటే దాన్ని తీసుకుని కనిగిరిలో పుట్టింటికి వెళ్లిపోయారు. ఇదంతా రాసి పంపాను. ప్రజా ప్రాధాన్యం లేదని మా డెస్కు తీసేసింది.

ప్రజా ప్రాధాన్యం ఉన్న కార్యక్రమం సోమవారం జరిగింది. రెండో మెజారిటీకి కొత్త పాలసీ అందజేసే సభ. వేదిక మళ్లీ మిర్చి యార్డే. బీమా కంపెనీ అధికారి గుంటూరు నుంచి వచ్చారు. పాలసీ ఇచ్చే ముందు కుక్కను చూడాలన్నారు.

నాగేంద్రబాబు వేదిక వెనక్కి వెళ్లి ఒక బుట్ట తెచ్చాడు. అందులో కుక్కపిల్ల ఉంది. కళ్లు తెరిచి ఎన్నో రోజులు అయినట్టు లేదు.

"దీనికి నాలుగేళ్లా?" అన్నారు అధికారి.

"నాలుగేళ్లేనండి," అన్నారు డాక్టర్ శశిభూషణ్ గారు. "ఎదుగుదల తక్కువ."

అధికారి సంతకం పెట్టారు. ఎమ్మెల్యే గారు కుక్కపిల్లను ఒంటి చేత్తో ఎత్తి జనానికి చూపించారు. చప్పట్లు మోగాయి. అవి ఆగాక వెనక వరసలోంచి అల్లాబక్షు గొంతు వినపడింది.

"మెజారిటీ మరీ ఇంత తగ్గిపోయిందేందండీ!"

జనం నవ్వారు. ఎమ్మెల్యే గారు నవ్వలేదు. కుక్కపిల్లను బుట్టలో పడేసి, నాగేంద్రబాబును పక్కకు పిలిచి, ఏ బూత్‌లో ఎంత తగ్గిందో సాయంత్రానికల్లా లెక్క తెమ్మన్నారు.