బెజవాడలో నాలుగో కాలవ

బెజవాడలో కాలవలు మూడని మీరు వినే ఉంటారు. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ. నాలుగోది కూడా ఒకటుంది. దాని పొడుగు నలభై రెండడుగులు. మా గేటు దగ్గర మొదలై మా పెరట్లో ఆగుతుంది. తవ్వింది నేనే. ఎందుకు తవ్వానో మాత్రం, తవ్వడం అయిపోయిన మూడు వారాలకు గాని నాకు తెలియలేదు.

నా పేరు బాలశౌరి. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లలు నాకు 'అందువలన మేష్టారు' అని పేరు పెట్టారు. ఏ విషయమైనా 'అందువలన' దాకా లాక్కొచ్చి నిరూపిస్తే గాని వదలనని వాళ్ళ బాధ. ఇంట్లో మా ఆవిడ అమలమ్మ దగ్గర ఇరవై ఏళ్ళలో ఒక్క 'అందువలన' దాకా కూడా రాలేకపోయానని పాపం వాళ్ళకు తెలియదు.

ఇది తొంభై ఎనిమిది నాటి సంగతి. మా వీధి కిందున్న నీళ్ళ పైపు మా మామగారి కంటే పెద్దది వయసులో. పొద్దున్నే గంటసేపు నీళ్ళొచ్చేవి. రావడమంటే పైకి రావడం కాదు. అందుకే మా వీధిలో కుళాయిలు నేల మీద ఉండేవి కావు, గుంటల్లో ఉండేవి. ఇంటి ముందు గొయ్యి తీసి, దాని అడుగున కుళాయి బిగించుకునేవాళ్ళం. ఎవరి గుంట లోతైతే వాళ్ళకు నీళ్ళు. మీది మూడడుగులై పక్కింటిది మూడున్నరైతే, పక్కింటి బిందెలన్నీ నిండాకే మీ కుళాయికి దగ్గు మొదలవుతుంది.

మా పక్కిల్లు నవాబుది. ఆటోనగర్‌లో లారీ సీట్లు కుడతాడు. చాలా మంచివాడు. రంజానుకి మాకు సేమ్యా పంపిస్తాడు, క్రిస్మస్‌కి మా కేకు తిని బాగుందని అబద్ధం కూడా చెబుతాడు. గుంట దగ్గరికొచ్చేసరికి మాత్రం మా ఇద్దరికీ పడేది కాదు. ఎప్పుడైనా అతను బెత్తెడు దింపితే, నేను జానెడు దింపేవాణ్ణి.

లోతు చూసుకునేది మేమిద్దరమే అయినా, ఆ లోతులోకి దిగి బిందెలు మోసేది మాత్రం ఇటు అమలమ్మ, అటు నవాబు భార్య షాహీదా.

ఆ ఏటి వేసవిలో అమలమ్మ నిండు బిందెతో గుంటలోంచి ఎక్కుతూ జారింది. మణికట్టు విరిగింది. నెలన్నర కట్టు. ఆ నెలన్నరా వంట నాది. మూడో రోజునుంచే షాహీదా గోడ మీదుగా కూరగిన్నె అందించడం మొదలుపెట్టింది. జాలి కొద్దీ అనుకున్నాను. మా వంటింటి వాసన భరించలేకనని తరవాత తెలిసింది.

కట్టు విప్పిన రోజున అమలమ్మ ఒక్కటే అడిగింది.

"ఏవండీ, నాకు వంటింట్లో కుళాయి కావాలి."

"గుంటలోకే దిగని నీళ్ళు వంటింట్లోకి ఎట్లా ఎక్కుతాయే?"

"ఎట్లా ఎక్కుతాయో నాకు తెలవదు. నేనైతే ఇంక ఆ గుంటలోంచి ఎక్కలేను."

సరిగ్గా అప్పుడే మా వీధిని మొత్తం తవ్వి కొత్త పైపులు, కొత్త మురుగు కాలవలు వేసి, పైన సిమెంటు రోడ్డు పోస్తామని గ్యాంగు దిగింది. దానికి మేస్త్రి మాణిక్యం. అతను గేటు గేటుకీ తిరిగి ఒకే పాఠం చెప్పాడు.

"గేటు దాకా పైపు మా పనండీ. గేటు లోపల కాలవ మీరు తవ్వుకుంటే పైపు మేమే పరుస్తాం. ఇంటికి ఒకటే కుళాయి. ఎక్కడ కావాలో ఇప్పుడే తేల్చుకోండి. సిమెంటు పడ్డాక పదేళ్ళదాకా ఎవర్నీ గునపం పెట్టనియ్యరు."

"వంటింట్లో," అంది అమలమ్మ.

"గుంటలో," అన్నాను నేను.

మాణిక్యం మా ఇద్దర్నీ చూసి, అనుభవం ఉన్నవాడు కాబట్టి, రేపొస్తానని వెళ్ళిపోయాడు.

"కొత్త ట్యాంకు కట్టారంట గదండీ. నీళ్ళు మేడ మీదకైనా ఎక్కుతాయంట," అంది అమలమ్మ.

"ఆ మాట మన పెళ్ళప్పుడూ చెప్పారు."

"మన పెళ్ళప్పుడు మీరూ చాలా చెప్పారు."

"అది వేరు. వంటిల్లు వెనకెక్కడో ఉంది. గేటు నుంచి నలభై రెండడుగులు. కూలీలందరూ మాణిక్యం దగ్గరే ఉన్నారు. ఎవరు తవ్వుతారు? నా నడుం సంగతి నీకు తెలుసు గదా."

"తెలుసు," అంది. అని లోపలికి వెళ్ళి బియ్యం ఏరుకుంది. అంత తేలిగ్గా ఊరుకుందంటే నేను అనుమానపడాల్సింది. గెలిచానని సంతోషపడ్డాను.

నా లెక్క వేరే ఉంది. సిమెంటు పడితే పదేళ్ళు ఎవరూ తవ్వకూడదు. అంటే ఆ రోజుకి ఎవరి గుంట లోతుంటే, పదేళ్ళపాటు వాళ్ళదే రాజ్యం. నవాబుకి తెలియకుండా ఒక్క పూటలో నా గుంటని అయిదడుగులకు దింపేస్తే, అతను పదేళ్ళు నా వైపు చూసి నిట్టూర్చాల్సిందే. అందువలన ఆదివారం నాకు జ్వరం వచ్చింది.

"చర్చిలో పూజకి రారా?" అంది అమలమ్మ నుదురు తాకి చూస్తూ.

"వణుకుగా ఉంది. నా తరఫున కూడా ప్రార్థన చెయ్యి."

ఆవిడ రిక్షా ఎక్కి మలుపు తిరిగేసరికి నేను గునపంతో గుంటలో ఉన్నాను. నాలుగడుగులయ్యేసరికి పక్కన కూడా దబ్‌దబ్‌మని చప్పుడు. తల ఎత్తి చూశాను. నవాబు కూడా గుంటలోనే ఉన్నాడు.

"ఏం నవాబూ, షాపు లేదా?"

"కొంచెం జొరంగా ఉంది మేష్టారూ. మీరు చర్చికి పోలేదే?"

"నాకూ జ్వరమే."

ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు పరామర్శించుకుని మళ్ళీ తవ్వకంలో పడ్డాం. నాలుగున్నర దగ్గర నా గునపానికి మెత్తగా ఏదో తగిలింది. చెట్టు వేరనుకున్నాను. మా వీధిలో చెట్టు లేదన్న సంగతి ఆ వేడిలో గుర్తు రాలేదు. బలంగా రెండు పోట్లు పొడిచాను.

ఎదురింటి రావమ్మగారు కెవ్వుమని బయటికొచ్చింది. మైలవరం నుంచి ఆడపిల్లవాళ్ళు ఆవిడ తమ్ముడి సంబంధం గురించి ఫోన్లో మాట్లాడుతున్నారట. 'అబ్బాయికి తాగుడు అలవాటుందా' అని వాళ్ళు అడగడం, లైను తెగిపోవడం ఒకేసారి జరిగాయట.

"సమాధానం చెప్పలేక పెట్టేసిందనుకోరూ వాళ్ళు?" అని ఆవిడ వీధి మధ్యలో నిలబడి న్యాయం అడిగింది. ఈలోగా వీధిలో ఫోనున్న ఏడిళ్ళవాళ్ళూ బయటికొచ్చారు. ఏడు ఫోన్లూ మూగబోయాయి. తెగిన తీగ రంగురంగుల పోగులతో నా కాళ్ళ దగ్గర విచ్చుకుని ఉంది. నవాబు ఎప్పుడు మాయమయ్యాడో, అతని గుంటలో ఎవరూ లేరు.

పూజ ముగించుకుని రిక్షా దిగిన అమలమ్మకు, నడుం పైదాకా గుంటలో ఉన్న నేనూ, నా చుట్టూ ఏడు కుటుంబాలూ కనిపించాం.

"బాగా చెమట పట్టినట్టుందే. జ్వరం దిగిందా?" అంది.

మాణిక్యం పరుగెత్తుకొచ్చాడు. గుంటలు రెండూ వెంటనే పూడ్పించి, కొత్త నీళ్ళొచ్చేదాకా ట్యాంకరు దగ్గర పట్టుకోమన్నాడు. ఇక రోడ్డంచున ఎవరైనా గునపం దించితే తనే స్వయంగా ఫోన్లవాళ్ళకు పట్టిస్తానన్నాడు. నా పదేళ్ళ రాజ్యం ఒక్క పూటలో మట్టయిపోయింది. రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడో రోజు అమలమ్మ కూర వడ్డిస్తూ, మామూలుగా అన్నట్టు అంది.

"నవాబుగారు పెరట్లో తవ్వుతున్నాడంటండీ. షాహీదా చెప్పింది."

"పెరట్లోనా? ఎందుకు?"

"నాకేం తెలుసు. రోడ్డు వేసినప్పుడల్లా ఇంటి ముందు లేస్తా వచ్చిందిగా, వెనక ఇంకా పాత నేలే, పల్లంగా ఉందీ అని ఏదో చెప్పింది. నాకు మీ లెక్కలు అర్థం కావు. ఇంకాస్త పప్పు వెయ్యనా?"

పప్పు కంచంలోనే వదిలేశాను. చెయ్యి కడుక్కుని, తాపీపనివాళ్ళ దగ్గరుండే నీళ్ళ ట్యూబు అరువు తెచ్చి మట్టం చూశాను. గేటు కంటే పెరడు అడుగున్నర పల్లం. ఇన్నాళ్ళూ నా కళ్ళ ముందే ఉన్న లెక్క. అక్కడ మూడడుగుల గుంట తీస్తే ముందు నాలుగున్నర తీసినట్టే, ఏ ఫోను తీగా అడ్డం రాదు. లెక్కల మేష్టారికి తట్టనిది సీట్లు కుట్టే నవాబుకి తట్టిందే అని చాలా ఉక్రోషం వచ్చింది.

గేటు నుంచి పెరటిదాకా కాలవ తవ్వితే గాని అక్కడికి పైపు రాదు. నలభై రెండడుగులు. నడుం నొప్పి ఉందన్న సంగతి నాకూ గుర్తు లేదు, మా ఆవిడా గుర్తు చెయ్యలేదు.

ఎనిమిది రోజులు, బడి వదలగానే తవ్వాను. గోడకటువైపు నవాబు తవ్వుతున్నాడు. నేనొక దెబ్బ వేస్తే అతనొక దెబ్బ. అమలమ్మ మజ్జిగ తెచ్చిచ్చి కబురు చెప్పేది. "వాళ్ళది ఇరవై అడుగులు దాటిందంట." ఇంకో రోజు, "షాహీదా అంటంది, మేష్టారు చేతగాక వదిలేస్తారేమో అని వాళ్ళాయన అన్నాడంట." ఆ పూట నేను దీపాలు పెట్టేదాకా ఆపలేదు. గోడకటువైపు షాహీదా కూడా మజ్జిగ ఇచ్చి ఏదో చెబుతున్నట్టే వినిపించింది గాని, నా గునపం చప్పుడులో మాటలు తెలియలేదు.

కాలవ పూర్తయింది. వంటింటి కిటికీ కింద మూడడుగుల గుంట కూడా తీసి, అమలమ్మ పడకూడదని నా చేత్తో మూడు మెట్లు చెక్కాను. "ఎంత ప్రేమండీ," అంది. ఆ మర్నాడు నేను బళ్ళో ఉండగానే మాణిక్యం మనుషులొచ్చి పైపు పరిచి మట్టి కప్పేశారు. వచ్చి చూస్తే గుంట అడుగున కొత్త ఇత్తడి కుళాయి మెరుస్తోంది. నా మనసు నిండిపోయింది. ఆ వారంలో రోడ్డు మీద సిమెంటు పడింది. మూడు వారాలకు నీళ్ళు వదిలే రోజొచ్చింది.

పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బిందెతో గుంటలోకి దిగాను. ఆ మొదటి బిందె నేనే పట్టాలని నా పట్టు. గోడ మీదుగా నవాబు టోపీ కూడా కిందికి దిగడం కనిపించింది. వీధి చివర మాణిక్యం ఈల వేశాడు. ఎక్కడో గరగరమంది. కుళాయి తిప్పాను. చుక్క లేదు. ఇంకాస్త తిప్పాను. కుళాయి కదిలింది. గట్టిగా లాగితే కుళాయీ, దాని వెనక మూరెడు పాత పైపు ముక్కా కలిసి మట్టిలోంచి ఊడి నా చేతికొచ్చాయి. ఆ రెండో కొస దేనికీ తగిలించి లేదు.

ఆ కుళాయిని నేనింకా అటూ ఇటూ తిప్పి చూస్తుండగానే, నా తల మీదున్న కిటికీలోంచి స్టీలు గిన్నెలో దడదడమని నీళ్ళు పడే చప్పుడు వినిపించింది. గోడకటువైపు కూడా అదే చప్పుడు. తరవాత నవాబు గొంతు.

"మేష్టారూ, మీది ఊడిందా?"

"ఊడింది నవాబూ."

"మీరు పెరట్లో తవ్వుతున్నారని షాహీదా చెబితేనే గదా నేను మొదలెట్టింది."

నేను గుంటలోనే కూర్చుని లెక్క వేశాను. ఎంత తీసివేసినా, ఎంత కూడినా, శేషం ఇద్దరు మూర్ఖులే వస్తున్నారు.

చేతిలో కుళాయితో వంటింట్లోకి వెళ్ళాను. అమలమ్మ నిటారుగా నిలబడి బియ్యం కడుగుతోంది. విరిగి అతికిన ఆ మణికట్టు మీదుగా ధారాళంగా నీళ్ళు పోతున్నాయి. ఇరవై ఏళ్ళలో నీళ్ళొచ్చే వేళప్పుడు ఆవిడ ముఖం అంత తీరిగ్గా ఉండగా నేను చూడలేదు. నాకు కోపం రావాల్సింది. సిగ్గేసింది. నెలన్నర కట్టుతో ఉన్న మనిషి ఒక్క కుళాయి అడిగితే, నేను ఆవిడకి మళ్ళీ గుంటే తవ్వాను.

"నాకు ముందే చెప్పొచ్చు గదా," అన్నాను.

"చెప్పాగా. నడుం నొప్పన్నారు."

"మరి ఈ దొంగ కుళాయెందుకు?"

"సిమెంటు ఆరేదాకా మీ కళ్ళు దాని మీద ఉండాలని. మాణిక్యం బిగించి పోయిన ఈ కుళాయి అప్పట్నుంచీ బియ్యం డబ్బా చాటునే ఉంది. రండి, మీరూ తిప్పి చూడండి."

తిప్పాను. కొత్త ట్యాంకు నీళ్ళు ఒక్క ఉదుటున నా ఇస్త్రీ చొక్కా అంతా తడిపేశాయి. అమలమ్మ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. నేనూ నవ్వక తప్పలేదు.

"పోనీలే, తవ్వింది నేనే అని వీధిలో చెప్పుకోవచ్చా?" అన్నాను తల తుడుచుకుంటూ.

"హాయిగా చెప్పుకోండి. తవ్వించింది ఎవరో షాహీదాకీ నాకూ తెలుసు, అది చాలు," అని అమలమ్మ నా చేతికి పార ఇచ్చింది. పెరట్లో గుంట పూడ్చడానికి వెళ్ళేసరికి, గోడకటువైపు నవాబు అప్పటికే మొదలుపెట్టాడు.