మీసం మీదికొచ్చింది

ఆ పొద్దున పెద్దాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య పెరట్లో బట్టలు ఆరేసేలోగా, కొడుకు బయటికెళ్లి టీ తాగి వచ్చేలోగా, ఇంటి ముందుగదిలో ఉన్న తమ సెలూన్‌లోకి వెళ్లాలి. కుర్చీ వెనక ఒక్క క్షవరానికి పట్టేంతసేపు నిలబడి చూసుకోవాలి. అంతే.

తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ దగ్గర్నుంచి ఆయనకు సెలూన్ గడప తొక్కే యోగం లేదు. ఎముక అతికింది గానీ, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం మాత్రం కుదరడం లేదు. అలా లేస్తే తప్ప పనికి పంపేది లేదని వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి తేల్చేసింది. ఈ వారంలో లేవకపోతే కొత్త మనిషిని పెడతానన్నాడు కొడుకు. తన కుర్చీ వెనక ఇంకొకడు నిలబడతాడంటే పెద్దాయనకు విరగని ఎముకలు కూడా నొప్పి పెట్టాయి.

గోడ పట్టుకుని వెళ్లాడు. నిలబడ్డాడు. అద్దంలో చూసుకుని మీసం దువ్వాడు. వచ్చినవాళ్లలో సగం మంది "అచ్చం మీలాగే కత్తిరించండి" అని అడిగే మీసం అది. ఇంతలో కాళ్లు వణికాయి. కాసేపు ఆగుదామని కుర్చీలో కూలబడ్డాడు. చెయ్యి తగిలి పక్కనున్న మీట కదిలింది, కుర్చీ కాస్తా కిందికి దిగిపోయింది. ఇక లేవడం ఆయన వల్ల కాలేదు.

"ఏమైపోయారీయన? వ్యాయామం అమ్మాయి వచ్చి కూర్చుంది!" లోపల్నుంచి భార్య గొంతు.

దొరికితే మళ్లీ మంచమే. పెద్దాయన బుర్ర పాదరసంలా పనిచేసింది. తెల్లగుడ్డ మెడకు చుట్టుకుని, సబ్బు నురగ కళ్లదాకా పట్టించి, చేతులు గుడ్డలోకి లాక్కుని కళ్లు మూసుకున్నాడు.

ముందు కొడుకొచ్చాడు. "వచ్చి చాలాసేపయిందా? నురగ కూడా మీరే పెట్టేసుకున్నారే! గడ్డమేనా?"

నురగ తల ఊపింది. తండ్రి మంచం మీదే ఉన్నాడనుకునే కొడుక్కి కుర్చీలో తండ్రి కనబడలేదు. వాడు కత్తి పట్టుకున్న తీరు ఓరకంట చూసి పెద్దాయనకు ప్రాణం ఉసూరుమంది. మణికట్టు బిగించేస్తున్నాడు వెధవ! తిడదామంటే నోరు తెరిచే వీల్లేదు.

అంతలో భార్య, వెనకే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చారు.

"ఒరేయ్, మీ నాన్న ఇటొచ్చారా?"

"వాకిలి దాకా నడవడమే గగనం, ఇక్కడికెలా వస్తాడమ్మా?"

ఆవిడ చూపు గుడ్డ కిందినుంచి బయటికొచ్చిన కాలి మీద పడింది. వాపు తగ్గడానికి చుట్టిన ఆ పట్టీ పొద్దున తను కట్టిందే. ఏమీ ఎరగనట్టు తీరిగ్గా బల్ల మీద కూర్చుంది.

"ఈయనెవరో గానీ, మీసం నురగలోంచి కూడా ఎబ్బెట్టుగా ఉందిరా. మొత్తం తీసెయ్."

"అడక్కుండా ఎలా తీస్తానమ్మా?"

"వద్దంటే ఆయనే చెప్తాడుగా."

కొడుకు వంగాడు. "తీసెయ్యమంటారా?"

నోరు తెరిస్తే పని పోతుంది. తెరవకపోతే మీసం పోతుంది. పెద్దాయన ఎటూ తేల్చుకోలేక ఊపిరి బిగబట్టాడు.

"వద్దనలేదుగా, కానియ్," అంది ఆవిడ.

చల్లటి కత్తి పైపెదవికి తగిలింది.

"ఆగరా వెధవా!"

గుడ్డతో సహా, నురగతో సహా పెద్దాయన లేచాడు. లేచి గుమ్మం దాకా వెళ్లిపోయాడు. తను లేచానన్న సంగతి ఆయనకు అక్కడికెళ్లాకే తెలిసింది.

"నాన్నా!" కొడుకు కత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"చేతులు గుడ్డలోపలే ఉన్నాయి!" ఫిజియోథెరపీ అమ్మాయి ఎగిరి గంతేసింది. "అంత కిందున్న కుర్చీలోంచి, ఏదీ పట్టుకోకుండా లేచారు తాతగారూ! రేపట్నుంచి పనిలోకి రావచ్చు. కాకపోతే పక్కన ఎత్తు స్టూలు వేసుకోవాలి. వ్యాయామం మానకూడదు."

"స్టూలా? నేనా?" అనబోయి, భార్య వైపు చూసి, పెద్దాయన మీసం తడుముకున్నాడు. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. సబ్బు పడిందన్నాడు.

"నేనేనని తెలిసే తీసెయ్యమన్నావుటే?"

"మీసం పోతే మళ్లీ మొలుస్తుంది. మీ చోటు పోతే మళ్లీ వస్తుందా?" అంటూ ఆవిడ కొంగుతో ఆయన ముఖం తుడిచింది.

ఆ రోజు నుంచి పెద్దాయన వ్యాయామం వేళకు ఆవిడ గడ్డం కత్తి పట్టుకుని ఎదురుగా కూర్చుంటోంది.