హంగరీ బావిలో మెక్సికో పెళ్ళి

ఆ ఆదివారం పొద్దున ప్రేమరాజన్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఆవిరి మీద ఉడికించిన పుట్టు, శనగల కూర తిని, ఇస్త్రీ ముండు పంచె కట్టుకుని, పయ్యన్నూరు వాయనశాలకు, అంటే ఊరి గ్రంథాలయానికి, వెళ్ళి, బావి సినిమాను మొదటి స్థానంలో కూర్చోబెట్టి, భోజనాల వేళకు ఇంటికి రావడం.

బావి సినిమా హంగరీవాళ్ళది. ఒక ముసలివాడు ఊరికోసం ఒంటరిగా బావి తవ్వుతాడు. పెళ్ళాం సూపు తెచ్చి గట్టున పెడుతుంది. అంతే కథ. 'దర్పణం' ఫిలిం సొసైటీ ఆ ఏడంతా 1984లో వచ్చిన విదేశీ సినిమాలే వేసింది. ఏటా ఒక పాత సంవత్సరాన్ని పట్టుకుని, పిప్పి పిప్పి చేసి, చివర్లో సభ్యులంతా కూర్చుని ఏది గొప్పదో, దేని తరవాత ఏదో తేల్చడం వాళ్ళ ఆచారం. ఆ తేల్చడంలో స్నేహాలు తెగుతాయి, వియ్యాలు చెడతాయి. మొదటొచ్చిన సినిమాను వాయనశాల ముందు మైదానంలో తెర కట్టి ఊరందరికీ చూపిస్తారు. ఊరు కూడా ఉత్తచేతులతో రాదు, అభిప్రాయాలతో వస్తుంది.

ఈ సినిమాలన్నిటికీ మలయాళంలో సబ్‌టైటిల్స్ రాసేది ప్రేమరాజన్. సహకార బ్యాంకు గుమాస్తాగా అతన్ని గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. 'సబ్‌టైటిల్ ప్రేమరాజన్' అంటే మాత్రం ఏ ఆటోవాడైనా తిన్నగా గుమ్మంలో దింపుతాడు. అతనికి హంగేరియన్ రాదు, జపనీస్ రాదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ముందేసుకుని ఒక్కొక్క మాటకీ జుట్టు పీక్కుంటాడు. లోకంలో అతనికున్న పేరల్లా అదొక్కటే, దాన్ని కళ్ళల్లో వత్తులు వేసుకుని కాపాడుకుంటున్నాడు.

బావి సినిమా వేసిన రోజు అతను ఊళ్ళో లేడు. సొసైటీ ప్రొజెక్టర్ నడిపే మొయ్దు చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టి, భార్య ప్రసీత తరఫు పెళ్ళికి తలశ్శేరి వెళ్ళాడు. తిరిగొచ్చాక కనిపించిన ప్రతివాడూ అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఏం రాశావయ్యా! గుండె పిండేశావు!" అన్నారు. నిజంగానే గుండె పిండుకుని రాశాడు కనుక ప్రేమరాజన్ కాదనలేదు.

ఆ పొద్దున సభలో మాట్లాడడానికి ఒకటి రెండు మాటలు ఏరుకుందామని మొయ్దు తిరిగిచ్చిన పెన్‌డ్రైవే లాప్‌టాప్‌లో పెట్టి సినిమా వేశాడు. ముసలివాడు బావి అడుగున నిలబడి ఆకాశం వంక చూశాడు. కింద అక్షరాలు పడ్డాయి: 'కేకు ఎవరు తిన్నారు?'

ప్రేమరాజన్‌కు పుట్టు గొంతులో అడ్డం పడింది. ముసలమ్మ సూపు గిన్నె గట్టున పెట్టి ఏదో అంది. కింద: 'మీ అన్న నా కాలు తొక్కాడు. ఇక నేను డాన్సు చెయ్యను.'

"ప్రసీతా! ఓసారి ఇలా రా!"

"ఏమైంది ప్రేమేట్టా, కరెంటు కొట్టిందా?"

"అంతకన్నా ఎక్కువ కొట్టింది. ఇవి బావి సినిమా సబ్‌టైటిల్స్ కావు. మెక్సికోవాళ్ళ పెళ్ళి సినిమావి! ఈ ఏడే వేద్దామని రాసినవి, కుదరక మిగిలిపోయాయి. వాటినే దీనికి తగిలించి ఇచ్చేశాను!"

ప్రసీత తెర వంక చూసింది. ఊరి పాస్టరు బావికి దణ్ణం పెడుతుంటే కింద 'పెళ్ళికూతురు వంటింట్లో నిద్రపోతోంది' అని పడింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకు. అసలువి ఇదిగో, కంప్యూటర్లోనే పడున్నాయి. ఎవరూ చూళ్ళేదు."

"మరి చూసినవాళ్ళు ఏమీ అనలేదా?"

"గుండె పిండేశావన్నారు."

"అయితే వెళ్ళి నిజం చెప్పేయండి, పోతుంది."

"నీకు మన ఊరు తెలీదూ? ఎప్పుడో పొరపాటున గూడ్సు బండెక్కిన కుమారన్‌ని ఇవాళ్టికీ గూడ్సు కుమారన్ అనే అంటారు. వాడి కొడుకు పెళ్ళి శుభలేఖ మీద కూడా అదే వేశారు. నన్ను కేకు ప్రేమరాజన్ అంటే నేను బతకగలనా?"

దాంతో కార్యక్రమం తలకిందులైంది. బావి సినిమా ఎట్టి పరిస్థితుల్లోనూ మొదట రాకూడదు. వస్తే ఊరంతా చూస్తుంది, చూస్తే ఎవడో ఒకడు పట్టేస్తాడు.

వాయనశాలలో సభ అప్పటికే వేడెక్కింది. రిటైరైన కాలేజీ లెక్చరర్ అప్పుక్కుట్టన్ మాష్ అధ్యక్షుడు. జపాన్ సినిమా ముందుంది, బావి సినిమా మూడోది. ప్రేమరాజన్ నోరు మూసుకుని కూర్చుంటే అది మూడోదిగానే మిగిలిపోయేది. కానీ కంగారు పుట్టినవాడికి నోరు ఆగదు.

"మాషే, ఒక్క మాట. బావి సినిమాకి మూడో స్థానం కూడా ఎక్కువే అనిపిస్తోంది నాకు. ఆ సబ్‌టైటిల్స్ అంత బాగా కుదరలేదు."

అప్పుక్కుట్టన్ మాష్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చూశారా? తన పనిని తనే తక్కువ చేసుకుంటున్నాడు. మనలో ఎవరికుందయ్యా ఈ వినయం?"

"వినయం కాదు మాషే! నిజంగానే మాటకీ బొమ్మకీ పొంతన లేదు."

"అదే కదా!" అంటూ లేచింది సుధర్మ టీచర్. ఆవిడ హైస్కూల్లో చరిత్ర చెబుతుంది, ఏది చెప్పినా బల్ల గుద్ది చెబుతుంది. "ఆ పొంతన లేకపోవడమే ఈ సినిమా! మొగుడు మట్టి తవ్వుతున్నాడు, ఆవిడ సూపు తెచ్చింది. మామూలు డైరెక్టరైతే ఏమనిపిస్తాడు? 'సూపు చల్లారిపోతుంది' అనిపిస్తాడు. ఈయన ఏమనిపించాడు? 'మీ అన్న నా కాలు తొక్కాడు!' ఎవడా అన్న? సినిమా మొత్తం వెతకండి, కనిపించడు. కనపడని మగాళ్ళు తొక్కిన కాళ్ళు, ఇన్ని వందల ఏళ్ళు! ఇంటికెళ్ళి నేను అన్నం తినలేదు."

"నేనైతే కేకు దగ్గర పడిపోయాను," అన్నాడు మాష్. "బావి అడుగునుంచి కూలివాడు ఆకాశాన్ని అడుగుతున్నాడు: కేకు ఎవరు తిన్నారు? ఈ భూమ్మీది సంపదంతా ఎవరు తిన్నారని! పైగా అప్పుడు అతని పెదవులు కదలవు. మౌనం మాట్లాడుతుంది!"

చప్పట్లు మోగాయి. జపాన్ సినిమాకోసం ప్రాణమిచ్చే మొయ్దు కూడా కరిగిపోయాడు. "ఆ రోజు ప్రొజెక్టర్ నడిపింది నేను," అని ఛాతీ విరిచాడు. "నా ఓటు బావికే. జపాన్‌వాళ్ళు నన్ను క్షమించాలి."

చేతులు లేచాయి. ప్రేమరాజన్ చెయ్యి తప్ప అన్నీ లేచాయి. దాన్ని కూడా వినయం కింద జమ కట్టి ఏకగ్రీవం అని ప్రకటించారు.

అంతటితో ఆగినా బావుండేది. శనివారం మైదానంలో వేసే ఆటకు ముఖ్య అతిథి ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు మొయ్దుకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "మన పిరోష్కా ఉందిగా! కరివెళ్ళూరులో ఉంటూ మన తెయ్యం నృత్యం మీద పుస్తకం రాస్తోంది. హంగరీ పిల్లే! మలయాళం మనకన్నా బాగా చదువుతుంది."

ప్రేమరాజన్ లేచి నిలబడ్డాడు. "ఆవిడకెందుకు శ్రమ, మొయ్దు ఇక్కా?" అంటూనే ఉన్నాడు, మొయ్దు ఫోన్ చేసేశాడు. అటునుంచి పిరోష్కా సంతోషంతో వేసిన కేక గదిలో అందరికీ వినపడింది. చిన్నప్పుడు తాతగారి పక్కన కూర్చుని చూసిన సినిమా అట అది. ఆ తాతగారు బావులు తవ్వేవాడట!

ఆ వారం పయ్యన్నూరులో గోడ ఖాళీగా కనిపిస్తే ఒట్టు. ఎర్రటి పోస్టర్ల మీద తెల్లటి అక్షరాలతో 'మీ అన్న నా కాలు తొక్కాడు' అని వేయించింది సుధర్మ టీచర్. కాలేజీ ఆడపిల్లలు ఆ మాటను చొక్కాల మీద అచ్చు వేయించుకుని తిరిగారు. బస్సులో ఒక పెద్దాయన పొరపాటున ఒకమ్మాయి కాలు తొక్కితే బస్సంతా ముక్తకంఠంతో అదే మాట అందని, ఆయన అన్నూరులో దిగవలసినవాడు ముందు స్టాపులోనే దిగిపోయాడని చెప్పుకున్నారు. మాష్ 'కేకు: ఒక రాజకీయ పఠనం' అని వ్యాసం రాసి సావనీరులో మొదటి పేజీలో వేసుకున్నాడు.

బుధవారం పిరోష్కా ఫోన్ చేసింది.

"ప్రేమేట్టా, పోస్టరు మీద మాట ఏ సినిమాలోది?"

"అది... మన సినిమాలోదే, ఒక రకంగా."

"మా సినిమాలో అన్నే లేడే!"

"కనపడడు," అన్నాడు ప్రేమరాజన్ నీరసంగా.

ఫోన్ పెట్టేసి ఒక నిశ్చయానికి వచ్చాడు. అసలు సబ్‌టైటిల్స్ ఉండనే ఉన్నాయి. శనివారం వాటినే వేస్తాడు. బావి తవ్వేవాడి మనవరాలి ముందు ఆ ముసలివాడి చేత కేకు సంగతి అడిగించడానికి అతనికి మనసు ఒప్పలేదు. పైగా అవి అతను రాసినవాటన్నిటిలోకీ మంచివి. ఒక్కసారి ఊరు వాటిని చదివితే పాతవి మరిచిపోతుందని ఆశపడ్డాడు. ప్రసీత మాత్రం అసలువి ఎక్కించిన కొత్త పెన్‌డ్రైవ్‌తోపాటు, మెక్సికో సినిమా కూడా ఉన్న పాతదాన్నీ సంచిలో పడేసింది. "మన ఊరి సంగతి మీకే తెలుసుగా," అంది.

శనివారం సాయంత్రం మైదానం కిటకిటలాడింది. పళంపొరి, అదే అరటిపండు బజ్జీల, బండ్లవాళ్ళు నూనె పొయ్యిలు ఆర్పి మరీ వచ్చి కూర్చున్నారు. ముందు వరసలో జరీ అంచు కసవు చీర కట్టుకుని పిరోష్కా. సినిమా మొదలైంది. ముసలివాడు బావిలో దిగాడు, ఆకాశం వంక చూశాడు. జనమంతా ముందుకు వంగారు. కింద ఒక్క అక్షరం పడలేదు.

"కేకేదిరా?" అన్నాడెవడో వెనకనుంచి.

ముసలమ్మ వచ్చింది. సూపు గిన్నె పెట్టింది. చొక్కాల మీద మాట అచ్చేసుకున్న పిల్లలు ఊపిరి బిగబట్టారు. ఆవిడ నోరు తెరిచింది. కింద స్పష్టంగా పడింది: 'సూపు చల్లారిపోతుంది.'

మైదానం నాలుగు మూలలనుంచీ కూతలు లేచాయి. పయ్యన్నూరు కూత పెడితే రైలు కూడా ఒకసారి ఆగి వింటుంది. సుధర్మ టీచర్ కుర్చీ ఎక్కింది. "ఎవరు మార్చారు? ఎవరి ఒత్తిడితో మార్చారు? ఆడదాని గొంతు నొక్కేశారు!" అని అరిచింది. ఆ పక్క ఎవరో "ఇంక్విలాబ్" అన్నారు, ఈ పక్కవాళ్ళు అలవాటు కొద్దీ "జిందాబాద్" అన్నారు. చూస్తుండగానే మైదానంలోనే ఒక ఊరేగింపు బయల్దేరి, వెళ్ళడానికి చోటులేక కుర్చీల చుట్టూ తిరిగింది.

మొయ్దు బొమ్మ ఆపాడు. పిరోష్కా లేచి మైకు అందుకుంది. "ఆగండి! ఆవిడ అన్నది అదే. సూపు చల్లారిపోతుందనే అంది. నాకు వచ్చిన భాషే కదా!"

అప్పుక్కుట్టన్ మాష్ ఎంతో జాలిగా ఆమె భుజం తట్టాడు. "అదేనమ్మా చిక్కు. నీకు భాష వచ్చు కాబట్టి మాటలే వింటున్నావు. మేం సినిమా చూస్తున్నాం."

ఇక ప్రేమరాజన్ ఆగలేకపోయాడు. వేదిక ఎక్కాడు. కేకు ప్రేమరాజన్ అంటారా, అననీ.

"తప్పు నాది! కేకు, అన్న, కాలు, ఏవీ ఈ సినిమాలోవి కావు. ఒక మెక్సికో పెళ్ళి సినిమాకి రాసినవి పొరపాటున దీనికి తగిలించాను. ఇవాళ మీరు చదువుతున్నవే అసలువి. ఎంతో కష్టపడి రాశాను, దయచేసి చదవండి!"

"పాపం, ఎవరో బెదిరించారు," అన్నాడు మొయ్దు, కళ్ళు తుడుచుకుంటూ.

"బెదిరించలేదు ఇక్కా! ఇదిగో సాక్ష్యం. దీంట్లో ఉన్న పెళ్ళి సినిమా పెట్టు!" అంటూ ప్రసీత చేతిలోని పాత పెన్‌డ్రైవ్ లాక్కుని మొయ్దుకిచ్చాడు.

మెక్సికో పెళ్ళి తెరమీద విరుచుకుపడింది. బాజాలు, రంగు కాగితాలు, పరుగులు. ఒకావిడ ఖాళీ పళ్ళెం పట్టుకుని, తుమ్మెదలా గిరగిరా తిరుగుతూ అరిచింది: 'కేకు ఎవరు తిన్నారు?' పెదవులకూ అక్షరాలకూ వెంట్రుకవాసి తేడా లేదు. ఒక లావుపాటి మనిషి డాన్సు చేస్తూ పెళ్ళికూతురి పాదం మీద దబ్బున కాలు వేశాడు. ఆమె మొగుడివైపు తిరిగింది: 'మీ అన్న నా కాలు తొక్కాడు. ఇక నేను డాన్సు చెయ్యను.' అన్నగారు అక్కడే ఉన్నాడు, మీసాలతో సహా.

ప్రేమరాజన్ కళ్ళు మూసుకున్నాడు. పోయింది, పేరు పోయింది. కానీ గుండెమీదనుంచి బండ దిగినట్టు హాయిగా కూడా ఉంది.

అప్పుక్కుట్టన్ మాష్ నెమ్మదిగా లేచాడు.

"దొంగతనం," అన్నాడు. "పచ్చి దొంగతనం! ఒక మహానుభావుడు బావి అడుగున పెట్టి చెప్పిన మాటను ఎత్తుకొచ్చి ఈ మెక్సికోవాడు నిజం కేకు పెట్టాడు! నిజం కాలు పెట్టాడు!"

"రెండూ ఒకే ఏడు వచ్చాయి మరి!" అన్నాడు మొయ్దు. "బొమ్మ చూడగానే అనుకున్నాను."

మైదానం భగ్గుమంది. ఇందాక కుర్చీల చుట్టూ తిరిగిన ఊరేగింపే మళ్ళీ బయల్దేరింది, ఈసారి మెక్సికో డౌన్ డౌన్ అంటూ. ఈ రహస్యాన్ని బయటపెట్టడానికి తన మీదే నింద వేసుకున్నాడని ప్రేమరాజన్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. అతను పైనుంచి "కాదు, కాదు" అని అరుస్తున్నకొద్దీ చప్పట్లు పెరిగాయి. ఆ సందడిలో పిరోష్కా ఎలాగో తోసుకుంటూ వచ్చి అతని ముండు అంచు పట్టుకుని లాగింది.

"ప్రేమేట్టా, ఆ సూపు ఉన్నది నాకివ్వండి. మా తాత సరిగ్గా అలాగే మాట్లాడేవాడు."

అతనికి కళ్ళు చెమర్చాయి. ఒక్క మనిషైనా చదివింది! మొయ్దు దగ్గరున్న కొత్త పెన్‌డ్రైవ్ తీసి ఆమెకు ఇవ్వమని పైనుంచే ప్రసీతకు సైగ చేశాడు. ఈలోగా మొయ్దు పాత సబ్‌టైటిల్స్‌తోనే బావి సినిమా మళ్ళీ మొదలుపెట్టాడు, కేకు దగ్గర జనం లేచి నిలబడ్డారు.

ఆటయ్యాక మెక్సికో దర్శకుడి గ్రంథచౌర్యాన్ని తీవ్రంగా ఖండిస్తూ 'దర్పణం' తీర్మానం చేసింది. ఒక్క మాట అటూ ఇటూ కాకుండా దాన్ని స్పానిష్‌లోకి మార్చగల నమ్మకస్తుడు ఊళ్ళో ఇంకెవరూ లేరు కనుక, ఆ పనిని ప్రేమరాజన్‌కే అప్పగించింది.