వెయ్యి నామాల నాబు

ఆ ఆదివారం సుబ్రహ్మణ్యం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాఫీ తాగి, అత్తగారి సబ్బుపెట్టె విప్పి, నాబు తుడిచి మూసేయడం, పన్నెండింటికి రేడియోలో కూతురి పాట వినడం. మధ్యలో తలంటు కూడా పోసుకోవచ్చనుకున్నాడు. నాచారంలో సర్కారు కంపెనీ ఇంజనీరుగా ఇన్నేళ్లు చేసినవాడికి అంత ఆశ ఉండకూడదు.

సబ్బుపెట్టె కథ చెప్పాలి. అత్తగారు త్రిపురసుందరికి చెవుడు. ఆవిడకి వినిపించేలా రేడియో పెడితే ఉప్పల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డవాళ్లూ వార్తలు వినొచ్చు. అందుకని అల్లుడు ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో చిన్న ఆంప్లిఫయరు కట్టి, బ్యాటరీ వేసి, హెడ్‌ఫోను తగిలించి ఇచ్చాడు. దాని తీగ రేడియోకి గుచ్చితే రేడియో నోరు మూసుకుంటుంది, ఆవిడ చెవుల్లో మాత్రం మోగుతుంది. పెట్టెకి ఒక వాల్యూమ్ నాబు. సరైన చోట గోళ్లరంగుతో చుక్క పెట్టి, "ఇక్కణ్ణించి కదపొద్దని చెప్పు మీ అమ్మకి" అన్నాడు భార్య కామాక్షితో. అత్తగారు పక్కనే కూర్చుని ఉంది. అయినా భార్యతోనే అన్నాడు. ఆ ఇంట్లో అత్తా అల్లుడూ నేరుగా మాట్లాడుకోరు. తెనాలి నుంచి ట్రంకుపెట్టెతో పాటు ఆవిడ మోసుకొచ్చిన మర్యాదల్లో అదొకటి. పెళ్లినాటి నుంచీ ఇద్దరి మధ్యా టపా మోసేది కామాక్షే.

అల్లుడి మాట కదా, ఆవిడ చుక్క దాటలేదు. ఏళ్ల తరబడి కదలని నాబు లోపల మురికి పేరుకుని గరగరమనడం మొదలెట్టింది. సరిగ్గా ఇప్పుడే. మనవరాలు ఉమ స్టేషన్లో రికార్డు చేసొచ్చిన పాట మొదటిసారి రేడియోలో వచ్చే రోజున. ఇంట్లో ఉమ సాధన చేస్తుంటే అమ్మమ్మకి పెదాలు కదలడమే తప్ప పాట అందేది కాదు. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో ఆవిడకి నిజంగా తెలియదు. ఇవాళైనా వినాలని ఒకటే ఆరాటం.

సంగీతం టీచరు శ్యామలాదేవిని పిలుచుకొస్తామని కామాక్షి, ఉమ పొద్దున్నే నాచారం బస్సెక్కారు. సుబ్రహ్మణ్యం నాబు సందులో నాలుగు చుక్కలు స్పిరిట్ వేసి, పెట్టెను ఆరడానికి కిటికీలో పెట్టాడు. అక్కడితో ఆగి ఉంటే తలంటు కూడా అయిపోయేది. పేపరు కోసం ఎదురింటి జనార్ధనరావు వచ్చాడు. ఆయన ఒక ల్యాబులో సైంటిస్టు.

"ఏందయ్యా, తుడిస్తే పోతదా? గరగర మొదలైందంటే లోపల అరిగినట్టే. నాబు మొత్తం మార్చాలె."

"ఆదివారం కోఠీలో షాపులుండవు కదండీ."

"మా రేడియోల ఉన్నది గద. పీకుదాం, రేపు నేను కొత్తది ఏసుకుంట."

ఆ కాలనీ నిండా ఇంజనీర్లే. ఒకరి వస్తువు చెడితే మిగతావాళ్లు సంతోషంగా తమవి కూడా చెడగొట్టుకుంటారు. జనార్ధనరావు రేడియో వచ్చింది. నాబు పీకుతుంటే దాని లోపలి పలక పటుక్కుమంది. తీరా చూస్తే ఆ నాబు సబ్బుపెట్టె కంటే పెద్దది.

చప్పుడు విని రైల్వే సిగ్నల్స్ దామోదర్ వచ్చాడు. "ఫికర్ చెయ్యకు అన్నా, నా ట్రాన్సిస్టర్‌ది చిన్నగుంటది" అని ఇంటికెళ్లి తెచ్చి, కూర్చోకముందే దాని నాబు పీకేశాడు. కొలిచి చూస్తే అది ఈ సర్క్యూట్‌కి పనికిరాదు. ఈలోగా జనార్ధనరావుకి కొత్త అనుమానం పుట్టింది. తప్పు పెట్టెలో కాక రేడియోలోనే ఉంటే? సుబ్రహ్మణ్యం రేడియో కూడా విప్పారు. డయల్ దారం తెగి, స్ప్రింగు ఎగిరి బీరువా కిందికి పోయింది. ముగ్గురూ బోర్లా పడుకుని వెతికారు.

ఈ గొడవలో సబ్బుపెట్టెను ఎవరూ పట్టించుకోలేదు. త్రిపురసుందరి దాన్ని కిటికీలోంచి తీసి, హెడ్‌ఫోను పెట్టుకుని, దేవుడి గూటి ముందు కూర్చుంది. చుక్క ఎలాగూ స్పిరిట్‌కి చెరిగిపోయింది. లలితా సహస్రనామం అందుకుని, ఒక్కో నామానికి నాబు ఇటొకసారి, అటొకసారి తిప్పడం మొదలెట్టింది. మొదట్లో చెవిలో ఇసుక పోసినట్టుంది. తిప్పేకొద్దీ స్పిరిట్‌కి నానిన మురికి వదిలి, సగానికి వచ్చేసరికి తగ్గింది. వెయ్యి నామాలూ అయ్యేసరికి గరగర ఊసే లేదు.

ఈ సంగతి అల్లుడికి చెప్పాలి. కామాక్షి ఇంకా రాలేదు. ఆవిడ తెర వెనక నిలబడి గాజులు గలగలలాడించింది, దగ్గింది. బీరువా కింద తలలున్నవాళ్లకి గాజులేం వినిపిస్తాయి? గడియారం పన్నెండుకి దగ్గర పడింది. ఆవిడ తెర తోసేసింది.

"అల్లుడుగారూ."

చెవిటివాళ్ల గొంతు. దామోదర్ చేతిలో స్క్రూడ్రైవరు జారింది. సుబ్రహ్మణ్యం లేచి నిలబడి, అలవాటు కొద్దీ, "కామాక్షీ, మీ అమ్మకి చెప్పు..." అని గోడకేసి అన్నాడు.

"వదిన లేదన్నా. నువ్వే చెప్పాలె" అన్నాడు దామోదర్.

"పెట్టె బాగైంది. రేడియో ఏదీ?" అంది ఆవిడ.

సుబ్రహ్మణ్యం గొంతు సవరించుకున్నాడు. "దామోదర్ రేడియో ఒక్కటే కాస్త బతికుందండీ. దానికి నాబు లేదు" అని గట్టిగా చెప్పాడు.

"దానికెందుకండీ, నా పెట్టెకి ఉందిగా?"

ముగ్గురికీ అప్పుడు వెలిగింది. నాబు పీకిన చోట రెండు తీగలు అతికితే చాలు. రేడియో పూర్తి గొంతుతో మోగుతుంది, పెట్టె దాన్ని అదుపు చేసుకుంటుంది. సుబ్రహ్మణ్యం సోల్డరింగు కడ్డీ వేడిచేసి అతికాడు. కామాక్షి, ఉమ, శ్యామలాదేవి గుమ్మంలో అడుగుపెట్టేసరికి అత్తగారు తీగ గుచ్చుకుని కూర్చుంది. స్పీకరు మూగబోయింది.

"ఉమ పాట మనం వినొద్దా?" అని దామోదర్ తీగ వైపు చెయ్యి చాచాడు. పీకితే గదంతా వినిపిస్తుంది, ఆవిడకొక్కదానికే వినిపించదు.

"ఉండనీండి అంకుల్" అంది ఉమ.

అందరూ ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. పెదాలు కొంచెం కదిలాయి. వేళ్లు ఒళ్లో తాళం వేశాయి. కళ్లు నిండాయి, ఆవిడ తుడుచుకోలేదు. ఉమ ఏడ్చేసింది. సుబ్రహ్మణ్యానికి కూడా ఏడుపొచ్చింది కానీ సోల్డరింగు పొగ మీద పెట్టేశాడు.

పాటయ్యాక ఆవిడ హెడ్‌ఫోను తీసి, కూతుర్ని దాటి అల్లుడి వైపే తిరిగింది.

"చూశారా అల్లుడుగారూ, అచ్చం నా గొంతే. మీరెవరూ వినలేదు పాపం. ఉండండి, ఎలా పాడిందో చెబుతాను."

ఉప్పల్ చౌరస్తా దాకా వినిపించేలా ఆవిడ పల్లవి ఎత్తుకుంది. గోళ్లరంగు చుక్క ఈసారి ఎక్కడ పెట్టాలో ముగ్గురు నిపుణులకూ తోచలేదు.