రెండో వరసలో మూడో డబ్బా

ఆదివారం పొద్దున ఫార్మసిస్టు వేసుకున్న పథకం చిన్నది. మధ్యాహ్నానికల్లా ఒక ట్రే బ్లాండీలు కాల్చాలి, ఆ తర్వాత పడక కుర్చీలో నడుం వాల్చాలి. రెండోది జరగాలంటే మొదటిది జరిగి తీరాలి. ఎందుకంటే పందెం ఆ కుర్చీ మీదే.

ఆ కుర్చీ ఆయన పెళ్ళికి ముందు కొన్నది. గుడ్డ రెండుసార్లు మార్చారు. ఒక చేతికర్రను తీగతో కట్టారు. హాల్లో సోఫాకూ కిటికీకీ మధ్య అది కాళ్ళు చాపుకుని ఉంటుంది. భార్య దాన్ని తన్నుకోని వారం లేదు. ఆవిడ బడిలో ఆటల టీచరు, సెలవు రోజుల్లో వాలీబాల్ రిఫరీ. మెడలో విజిల్ ఇంట్లో కూడా తియ్యదు.

గొడవ మాత్రం కుర్చీ దగ్గర మొదలవలేదు, బ్లాండీ దగ్గర మొదలైంది. బ్లాండీ అంటే కోకో వెయ్యని బ్రౌనీ, ముక్కలుగా కోసే మెత్తని కేకు. ఆవిడ అందులో కిస్‌మిస్, ఎండు ఆప్రికాట్లు, నారింజ తొక్క, దాల్చినచెక్క పొడి వేసి కాల్చి, మ్యాచ్ ఉన్నప్పుడల్లా ఆటగాళ్ళకు పట్టుకెళ్తుంది. శనివారం సాయంత్రం మిగిలిన ముక్క తింటూ ఫార్మసిస్టు నోరు జారాడు.

"ఇందులో ఏముందోయ్, అంతా కొలతలే కదా. షాపులో నేను పొద్దున్నుంచీ చేసే పని అదే."

"అలాగా? అయితే రేపు మీరే చెయ్యండి."

"చేస్తే ఏమిస్తావ్?"

"మీ కుర్చీ జోలికి జన్మలో రాను. చెయ్యలేకపోయారా, పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాను. రేపు మధ్యాహ్నం రమ్మని ఇప్పుడే చెప్తున్నా." అంటూనే ఫోన్ తీసి చెప్పేసింది. "మూడో అంతస్తు బాబూ. కుర్చీ బయట పెట్టి ఉంటే తీసుకుపో. బయట లేకపోతే వెళ్ళిపో. బెల్లు కొట్టకు."

"బాగున్నాయో లేదో ఎవరు తేలుస్తారు? నువ్వు తేలిస్తే నేనొప్పుకోను."

రిఫరీ కాసేపు ఆలోచించింది. "తిన్నవాళ్ళెవరైనా సరే, వాళ్ళంతట వాళ్ళు ఇంకో ముక్క అడగాలి. అడిగితే గెలుపు మీదే. మీరు బతిమాలి పెడితే లెక్కలోకి రాదు. నన్ను మాత్రం ఏమీ అడక్కూడదు."

"మీ చెల్లెల్ని అడగొచ్చా?"

"అడుక్కోండి. దాన్ని అడిగి బాగుపడ్డవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు."

పొద్దున ఆవిడ మ్యాచ్‌కి వెళ్ళగానే ఫార్మసిస్టు చేతులు కడుక్కుని వంటింట్లోకి దిగాడు. ఆయనకు జలుబు. వీధి మొత్తానికి జలుబు మాత్రలు అమ్మే మనిషే ముక్కు మూసుకుపోయి గాలి కూడా నోటితోనే పీలుస్తున్నాడు. అయినా ఉత్సాహం తగ్గలేదు. అలమర తలుపు తీశాడు, అక్కడ ఆగిపోయాడు.

ఆ ఇంట్లో పొడులన్నీ మాత్రల డబ్బాల్లో ఉంటాయి. షాపుకు మాత్రలు విడిగా వచ్చే పెద్ద ప్లాస్టిక్ డబ్బాలవి. ఖాళీ అయ్యాక ఫార్మసిస్టే ఇంటికి తెస్తాడు. భార్య కడిగి ఎండబెట్టి పొడులు పోస్తుంది. లేబుళ్ళు ఊడిరావు, ఆవిడ ఊడదియ్యడానికి ప్రయత్నించనూ లేదు. ఏది ఎక్కడ ఉందో ఆవిడ చేతికి తెలుసు. ఫార్మసిస్టుకు మాత్రం జ్వరం మాత్రల డబ్బా పక్కన విటమిన్ల డబ్బా, దాని పక్కన మళ్ళీ జ్వరం మాత్రల డబ్బా కనిపించాయి. షాపులో కుర్రాళ్ళు ఇలా సర్దితే ఆయన ఆ పూట అన్నం తినడు.

పని మొదలుపెట్టే ముందు బల్ల శుభ్రంగా ఉండాలనేది ఆయన పద్ధతి. డబ్బాలన్నీ దించాడు. తన షాపులో లాగే పై వరసలో జ్వరం, రెండో వరసలో జలుబు, అలర్జీ, కింది వరసలో విటమిన్లు పెట్టాడు. లేబుళ్ళన్నీ ముందుకు తిప్పాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని తృప్తిపడ్డాడు. లోపల ఏముందో మూత తీసి చూడాలనిపించలేదు. షాపులో కూడా ఆయన మూత తీసి చూడడు.

తర్వాత ఫోన్‌లో వీడియో పెట్టుకుని పిండి తూచాడు, వెన్న కరిగించాడు, బ్రౌన్ షుగర్, గుడ్లు కలిపి గిలక్కొట్టాడు. పళ్ళముక్కలు వేడినీళ్ళలో నానేశాడు. అంతవరకు అంతా గ్రాముల లెక్కన జరిగిపోయింది. దాల్చినచెక్క పొడి దగ్గరికి వచ్చేసరికి మరదలికి ఫోన్ చేశాడు.

"ఏంటి బావా, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది? అక్క నిన్ను వదిలేసి వెళ్ళిపోయిందా?"

"నీ శుభాకాంక్షలు తర్వాత చెబుదువుగాని. దాల్చినచెక్క పొడి ఎక్కడుంటుంది?"

"రెండో వరసలో ఎడమ నుంచి మూడో డబ్బా. కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. అక్క డబ్బాల్ని అంగుళం కదపదు."

"చాలు, చాలు. ఉంటా."

డబ్బాలు కదిపింది తానేనని ఫార్మసిస్టుకు గుర్తుంది. మరదలు చెప్పింది కూడా గుర్తుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని మాత్రం తట్టలేదు. రెండో వరసలో మూడో డబ్బా తీశాడు. గోధుమరంగు పొడి. దాల్చినచెక్క గోధుమరంగులోనే ఉంటుందని ఆయనకు తెలుసు. రెండు చెంచాలు వేసి గిన్నె మీదికి వంగి వాసన చూశాడు. ఏమీ రాలేదు. పొడి పాతబడిందనుకుని ఇంకో రెండు చెంచాలు వేశాడు.

ట్రే ఓవెన్‌లోంచి బయటికి వచ్చేసరికి అంచులు విడివడి, పైన పొర పగిలి, బ్లాండీలు వీడియోలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఫార్మసిస్టు చతురస్రాలుగా కోశాడు. రుచి ఎలా ఉందో చెప్పడానికి మాత్రం ఒక మనిషి కావాలి. ఆయన నాలుకకు ఆ వారం తీపికీ ఉప్పుకీ తేడా తెలియడం లేదు.

అదే సమయానికి బెల్లు మోగింది. ఎదురింటి హెడ్మాస్టరు. రిటైరై చాలాకాలమైనా వీధిలో అందరూ ఆయన్ని హెడ్మాస్టరనే అంటారు. ఒక చెంపకు తువ్వాలు చుట్టుకుని, పన్ను నొప్పితో నిలబడి ఉన్నాడు. అయినా మాట ఆగలేదు.

"ఏమయ్యా, ఆదివారమైతే మాత్రం నొప్పికి సెలవుంటుందా? ఒక మాత్ర పడెయ్. రెండు రాత్రుల్నించీ నిద్ర లేదు. మా రోజుల్లో డాక్టర్లు ఆదివారం కూడా..."

"మాత్రలు షాపులో ఉన్నాయి మాస్టారూ, వెళ్ళి తెస్తాను. ఈలోపు ఇదొక్క ముక్క రుచి చూడండి. మెత్తగానే ఉంటుంది, నమలక్కర్లేదు."

హెడ్మాస్టరు డాక్టర్ల సంగతి మధ్యలో ఆపి ముక్క నోట్లో వేసుకున్నాడు. రెండుసార్లు నమిలాడు. కళ్ళు పెద్దవయ్యాయి. చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఏదో అనబోయి, అనకుండా వెనుదిరిగి తన ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఫార్మసిస్టు తలుపు దగ్గరే నిలబడిపోయాడు. హెడ్మాస్టరు వాక్యం పూర్తి చెయ్యకుండా వెళ్ళడం ఆయన ఎప్పుడూ చూడలేదు. లోపలికి వచ్చి తానూ ఒక ముక్క తిన్నాడు. రుచి తెలియలేదుగాని, కాసేపటికి నాలుక తెలియడం మానేసింది. పెదవి గిల్లుకున్నాడు. పెదవి ఇంకెవరిదో అన్నట్టు ఉంది.

అప్పుడు డబ్బా మీది లేబులు చదివాడు. అలర్జీ మాత్రలు. అవి వేసుకుంటే మత్తుగా ఉంటుంది, బండి నడపొద్దని ఆయన రోజూ కొన్నవాళ్ళందరికీ చెప్తాడు. ఈ డబ్బా ఖాళీదే తెచ్చానా? నిండుది తెచ్చానా? మాత్రలు అడుగున ఉండిపోయి పొడైపోయాయా? ఇరవై నాలుగు ముక్కల ట్రే వైపు చూశాడు. నాలుగు చెంచాలు వేశానని గుర్తొచ్చింది. కుర్చీ సంగతి మర్చిపోయి ఎదురింటికి పరుగెత్తాడు.

హెడ్మాస్టరు భార్య తలుపు తీసింది.

"పిన్నిగారూ, మాస్టారేరీ?"

"పడుకున్నారు బాబూ. మీ ఇంట్లోంచి వస్తూనే మంచమ్మీద వాలిపోయారు. ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి."

ఫార్మసిస్టు చెవికి అవి రోగ లక్షణాల్లా వినిపించాయి. లోపలికి వెళ్ళి చూస్తే హెడ్మాస్టరు వెల్లకిలా పడి ఉన్నాడు. నోరు తెరిచి ఉంది. పిలిస్తే పలకలేదు. భుజం కుదిపితే కదల్లేదు.

"పిన్నిగారూ, కంగారు పడకండి. ఆస్పత్రికి తీసుకెళ్దాం."

"నిద్రపోయే మనిషికి ఆస్పత్రెందుకు బాబూ?"

"మొదట్లో నిద్రలాగే ఉంటుందండీ."

ఆవిడ అప్పటిదాకా కంగారు పడలేదు. ఆ మాటతో మొదలుపెట్టింది. "అయ్యో, ఏం పెట్టావయ్యా ఆయనకి? పొద్దున కాఫీలో పంచదార తక్కువైందని నన్ను గంటసేపు తిట్టిన మనిషి!" అని శోకాలు తీసింది.

లిఫ్టు పనిచెయ్యడం లేదు. మూడంతస్తులు మోసుకుని దిగాలి. ఫార్మసిస్టుకు ఉపాయం తట్టింది. తన ఇంట్లోకి పరుగెత్తి పడక కుర్చీని ఈడ్చుకొచ్చి మెట్ల దగ్గర పెట్టాడు. రెండు పక్కలా కర్రలు, మధ్యలో గుడ్డ. మనిషిని మొయ్యడానికి అంతకంటే ఏం కావాలి? మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

"పిన్నిగారూ, మీరు తల వైపు పట్టుకోండి, నేను కాళ్ళు పట్టుకుంటా."

ఇద్దరూ లాగారు. హెడ్మాస్టరు మంచం అంచు దాకా జరిగాడు, అక్కడ కళ్ళు తెరిచాడు.

"ఎవడ్రా నా కాళ్ళు లాగేది?"

"మాస్టారూ! నేనెవరో గుర్తుపట్టారా?"

"మందులమ్మేవాడివి."

"ఇవి ఎన్ని వేళ్ళు?"

"నాకే పరీక్ష పెడతావటయ్యా? ఊళ్ళో సగం మందికి నేను పెట్టాను పరీక్షలు. ఒక మనిషి రెండు రాత్రుల తర్వాత కునుకు తీస్తే కాళ్ళు పట్టి లాగడమా?" అంటూ లేచి కూర్చున్నాడు. చెంప తడుముకున్నాడు. నొక్కి చూసుకున్నాడు. తువ్వాలు విప్పి పక్కన పడేశాడు. "ఆ నొప్పి ఎటు పోయిందో తెలీదు. నాలుక మొద్దుబారింది గాని ప్రాణం లేచొచ్చింది. ఏమయ్యా, ఆ ముక్క ఇంకోటి ఉంటే ఇటు పట్రా."

గుమ్మంలో విజిల్ మోగింది. అందరూ తిరిగి చూశారు. ఫార్మసిస్టు భార్య, చేతిలో మ్యాచ్ సంచి, నోట్లో విజిల్. ఎదురింట్లో శోకాలు వినబడి అటే వచ్చింది. చివరి మాట చెవుల్తో విన్నది.

"పాయింట్ మీదే" అంది భర్తతో. "అడిగారు. బతిమాలకుండానే అడిగారు."

"పాయింటు సంగతి తర్వాత. ముందా డబ్బాలో ఏముందో చెప్పు. మాస్టారికి అలర్జీ మాత్రలు పెట్టానేమోనని నా గుండె ఆగిపోయింది."

ఆవిడ తమ వంటింట్లోకి వెళ్ళి అలమర చూసింది. ఫార్మసిస్టు తాను వాడిన డబ్బా చూపించాడు. ఆవిడ దాని మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"లవంగం పొడి. ఎన్ని చెంచాలు వేశారేంటి?"

"నాలుగు."

"నేను కూరలోకైనా చిటికెడు మించి వెయ్యను. నాలుగు చెంచాల లవంగం పడితే నోరు మొద్దుబారక ఏం చేస్తుంది? మందులమ్మేది మీరా, నేనా?"

"మాస్టారు మందుగా అడిగారనుకో, అయినా గెలుపు గెలుపేనా?" ఫార్మసిస్టు అనుమానంగా అడిగాడు. కష్టపడి గెలిచిన పందెం చేజారుతుందేమోనని గొంతు తగ్గించాడు.

"ఎందుకడిగారన్నది రూల్లో లేదు. అడిగారా లేదా అంతే. రిఫరీ మాట మార్చదు. మీ కుర్చీ మీదే, మీరు దాన్లో పడుకుని..." అంటూ హాల్లోకి వచ్చి ఆగింది. సోఫాకూ కిటికీకీ మధ్య నేల కనిపిస్తోంది. "కుర్చీ ఏది?"

"మాస్టార్ని మొయ్యడానికి బయట పెట్టాను."

బయట ఏమీ లేదు.

ఆవిడ నెమ్మదిగా అంది. "నేనొస్తుంటే పాత సామాన్లవాడు మెట్ల మీద ఎదురొచ్చాడు. నెత్తి మీద ఏదో ఉంది. 'బయటే పెట్టారమ్మా, తీసుకుపోతున్నా' అన్నాడు. మీరు ఓడిపోయి పెట్టేశారనుకున్నాను. ఎదురింట్లో శోకాలు విని ఆ సంగతే మర్చిపోయాను."

ఫార్మసిస్టు సోఫాలో కూలబడ్డాడు. ఆవిడ ఆయన ముఖం వైపు ఒకసారి చూసి, సంచి అక్కడే పడేసి మెట్లు దిగి పరుగెత్తింది.

కిటికీలోంచి ఫార్మసిస్టు మొత్తం చూశాడు. తోపుడు బండి అప్పటికే వీధి మలుపు తిరుగుతోంది. పైన కుర్చీ కాళ్ళు పైకి పెట్టుకుని ఉంది. ఆవిడ విజిల్ ఊదింది. బండి ఆగింది. వెనకాల కారు ఆగింది. ఎదురుగా వస్తున్న రెండు సైకిళ్ళూ, రోడ్డు దాటుతున్న ముసలాయనా ఆగారు. ఆవిడ కుర్చీ వైపు చెయ్యి చూపించి, ఆ చేతిని ఇంటి వైపు తిప్పింది. పాత సామాన్లవాడు బండి వెనక్కి తిప్పాడు.

కుర్చీ మూడంతస్తులు ఎక్కింది. ముందు పట్టు సామాన్లవాడిది, వెనక పట్టు ఆవిడది. పొద్దున్నుంచి ఎండలో నిలబడిన కాళ్ళు. హాల్లో దించగానే "ఒక్క నిమిషం" అని అందులో కూర్చుంది. వెనక్కి వాలింది. ఇన్నేళ్ళలో దాన్ని తన్నుకోవడమే గాని అందులో కూర్చోవడం అదే మొదలు.

ఎదురింట్లోంచి హెడ్మాస్టరు గొంతు వినిపిస్తోంది. డాక్టర్లు ఆదివారం కూడా ఏం చేసేవారో భార్యకు పూర్తి చేస్తున్నాడు. ఫార్మసిస్టు ఆయనకో ముక్క ఇచ్చి వచ్చేసరికి భార్య నిద్రపోతోంది. విజిల్ నోట్లోనే ఉంది. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా మోగుతోంది.

ఆ కుర్చీ పారెయ్యాలన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. పందెం గెలిచిన ఫార్మసిస్టు ఆ రోజు నుంచి సోఫాలో కూర్చుంటున్నాడు.