తూనికల ఇన్‌స్పెక్టరుగారు తగ్గిన వైనం

తూనికలు, కొలతల శాఖ ప్రధాన కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు వెలువడింది. ప్రజలు కొనే సరుకు తూకం సరిగ్గా ఉండాలని కోరే శాఖలో ఉద్యోగుల తూకం కూడా సరిగ్గా ఉండటం న్యాయమనీ, కావున సిబ్బంది యావన్మందీ ఇంటర్నెట్టునూ, తత్సంబంధిత సమాచార నైపుణ్యాలనూ వినియోగించుకుని బరువును అదుపులో ఉంచుకోవలసిందనీ దాని సారాంశం. యావన్మందీ అని రాసినా, ఆ ఉత్తర్వు ఎవరి కోసం పుట్టిందో ఆఫీసులో ప్రతి కుర్చీకీ తెలుసు. ముఖ్యంగా ఇన్‌స్పెక్టరుగారి కుర్చీకి.

జరిగిందేమిటంటే, ఇన్‌స్పెక్టరుగారు ఒక ధాన్యం దుకాణాన్ని తనిఖీ చేస్తూ, బస్తాలు తూచే పెద్ద కాటా మీద స్వయంగా తానే ఎక్కి నిలబడ్డారు. తన బరువు తనకు తెలుసు. పెళ్ళికి ముందు తూచుకున్నదే. కాటా దానికి దాదాపు రెట్టింపు చూపించింది. ఇంత పచ్చి మోసం తన సర్వీసులో చూడలేదంటూ ఆయన అక్కడికక్కడే కాటాకు సీలు వేయించారు. వ్యాపారి పైవారి దగ్గర మొరపెట్టుకున్నాడు. నిపుణులు వచ్చి పరీక్షించి, కాటాలో వెంట్రుకవాసి తేడా లేదనీ, తేడా అంతా ఇన్‌స్పెక్టరుగారిలోనే ఉందనీ తేల్చారు.

పెద్దాఫీసరు ఆయన్ని పిలిపించుకుని, తలుపు వేసి, గొంతు తగ్గించారు.

"మీరంటే నాకు గౌరవమేనండీ. కానీ శాఖ పరువు కాటా ఎక్కింది. సిబ్బందిని తూచే తనిఖీల లోపు తగ్గండి. లేదంటే పాత ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టక తప్పదు."

పాత ఫైళ్ళ గదికి కిటికీ లేదు. అంతకన్నా ఘోరం, అక్కడ దుకాణాలు లేవు. ఇన్‌స్పెక్టరుగారు బజారులో కాలు పెడితే వీధి మొదట్లో మొదలైన వణుకు వీధి చివర త్రాసు పళ్ళెం దాకా పాకేది. ఆ చప్పుడు వినకుండా ఆయన ప్రాణం నిలవదు. అందుకే ఆయన ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, నేటి నుంచి నేను తగ్గుతున్నానని ప్రకటించారు.

ఇంట్లో ఉన్నది భార్య, కాలేజీలో చదివే కూతురు, వాళ్ళతోనే ఉంటున్న అత్తగారు. ఆవిడ ఈ వార్తను శాంతంగా విన్నది. "కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలి అనడం విన్నాను గానీ బాబూ, కూడు ఖాళీ అవ్వాలి, మనిషి చిక్కిపోవాలి అనడం మీ శాఖలోనే వింటున్నా" అన్నది.

ఇన్‌స్పెక్టరుగారు ఫోను తెరిచి ఇంటర్నెట్టును ఆశ్రయించారు. ఇంటర్నెట్టు ఎవరినీ ఉత్త చేతులతో పంపదని మీకు తెలియంది కాదు. పొద్దున తినకపోతే చస్తారని ఒక డాక్టరు చెప్పాడు. పొద్దున తింటేనే చస్తారని ఇంకో డాక్టరు చెప్పాడు. ఇద్దరి మెడలోనూ స్టెతస్కోపు ఉంది కనుక ఆయన ఇద్దరినీ గౌరవించి, పొద్దున సగం తిన్నారు. నీలం పళ్ళెంలో తింటే ఆకలి చస్తుందంటే ఇంట్లో గిన్నెలు, గరిటెలతో సహా నీలం చేయించారు. అద్దం ముందు కూర్చుని తింటే సిగ్గుతో తక్కువ తింటారని ఒక మహాతల్లి చెప్పగా బీరువా అద్దానికి ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. ఎదురుగా తనంతటివాడే మరొకడు ఆప్యాయంగా తింటూ కనిపించేసరికి మొహమాటపడి, అతనికి తోడుగా రెండోసారి వడ్డించుకున్నారు. నెల తిరిగేసరికి నడుము బెల్టుకు మేకుతో కొత్త బెజ్జం పొడవాల్సి వచ్చింది, అదీ చివరివైపున.

అప్పుడు కూతురు జాలిపడింది. కాలేజీలో ఆ అమ్మాయికి సమాచారాన్ని జల్లెడ పట్టే విద్య నేర్పుతున్నారు. "చూసిందల్లా నమ్మితే ఎలా నాన్నా? ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చెబితే వాళ్ళకేంటి లాభం, ఈ మూడూ చూడాలి. ఆ తర్వాతే నోట్లో పెట్టుకో" అన్నది.

ఈ మాట ఇన్‌స్పెక్టరుగారికి అమృతంలా తగిలింది. తనిఖీ ఆయన రక్తంలోనే ఉంది మరి. ఆనాటి నుంచి ఆ ఇంట భోజనం విచారణగా మారింది. నీళ్ళ చెంబుకు ఫోను ఆనించి, వేయించిన బంగాళాదుంపను ముద్దాయిలా ఎదురుగా పెట్టుకుని, ఆయన ఆధారాలు తవ్వేవారు. దుంప మంచిదన్న పరిశోధన దుంపల వ్యాపారులే చేయించారని కనిపెట్టేవారు. దుంప చెడ్డదన్న పరిశోధన వెనక గోధుమలవాళ్ళున్నారని పసిగట్టేవారు. కళ్ళజోడు సర్దుకుని తలెత్తేసరికి ఎదుట పళ్ళెం నున్నగా మెరుస్తూ ఉండేది. పక్కన అత్తగారు చెయ్యి కడుక్కుంటూ ఉండేది.

"మీ విచారణ తెమిలేలోగా చల్లారిపోతుంది బాబూ. అన్నం పారేస్తే కళ్ళు పోతాయి" అనేది ఆవిడ. అల్లుడి కళ్ళ కోసం ఆ పెద్దావిడ పూటపూటా చేసిన త్యాగానికి శాఖాపరంగా ఏ గుర్తింపూ రాలేదు.

ఇన్‌స్పెక్టరుగారు తగ్గారు. మామూలుగా కాదు. చొక్కాలో ఇంకొకరికి చోటిచ్చేంత తగ్గారు. తనిఖీల నాడు శాఖవారి కాటా ఆయన్ని పెళ్ళికొడుకు నాటి బరువుకు దగ్గరగా చూపించింది. పెద్దాఫీసరు సభ పెట్టించి, "సమాచారమే ఆహారం, ఆహారమే సమాచారం" అంటూ తనకూ అర్థం కాని ఉపన్యాసం ఇచ్చి, ఇన్‌స్పెక్టరుగారి అప్పటి ఫొటో, ఇప్పటి ఫొటో పక్కపక్కనే శాఖ వెబ్‌సైటులో పెట్టించారు. రహస్యం చెప్పమని సభికులు పట్టుబట్టారు. వెతికాను, చదివాను, పోల్చి చూశాను, తినడానికి తీరిక దొరకలేదు అని ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. జనం పెదవి విరిచారు. ఏదో వాడాడు, కడుపులో దాచుకున్నాడు అనుకుంటూ లేచిపోయారు.

ఆ లోటు తీర్చడానికి బరువు తగ్గించే పొడి అమ్మే కంపెనీ ఒకటి ముందుకొచ్చింది. కొన్నాళ్ళకు ఇన్‌స్పెక్టరుగారి భార్య ఒక డబ్బా పట్టుకొచ్చి భర్త ముందు పెట్టింది.

"ఏమండీ, అమ్మ మరీ ఒళ్ళు చేస్తోందని తెప్పించాను. డబ్బా మీద, భోజనానికి ముందు ఈ పొడి తినే తగ్గానని చెబుతున్న ఈయనెవరో అచ్చం మీలాగే ఉన్నాడు. కాకపోతే నవ్వుముఖం."

ఆయన చూశారు. "అది నేనేనే" అన్నారు. ఇన్నాళ్ళూ వాడుతూ తనకు చెప్పకుండా దాచినందుకు ఆవిడ అలిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కూతురు మాత్రం పద్ధతిగా పరిశీలించింది. చెప్పినది నాన్న. చెప్పినది ఇటీవలే. చెప్పినందుకు నాన్నకు లాభం లేదు. "ఇంతకంటే నమ్మకమైన ఆధారం నేనెక్కడా చూళ్ళేదు నాన్నా" అని మెచ్చుకున్నది.

ఆయన ఊరుకోలేదు. ఇంటర్నెట్టులో ఆ కంపెనీ పెట్టిన ప్రకటన కింద, ఆ ఫొటో నాదే, పొడి నాకు తెలియదు అని రాశారు. క్షణాల్లో జవాబులు వచ్చిపడ్డాయి. తగ్గలేనివాళ్ళ ఏడుపు ఇలాగే ఉంటుందని ఒకరు, ఆ పెద్దమనిషి హుందాతనం ఎక్కడ, నువ్వెక్కడ అని మరొకరు. రుజువుగా తాజా ఫొటో పెడితే, ఒక గౌరవనీయ అధికారి వేషం కట్టి మోసం చేస్తున్నాడన్న ఫిర్యాదు మీద ఆయన ఖాతా తీసేశారు.

చివరికి తనకు చేతనైన పని చేశారు. డబ్బాను తూచారు. రాసినదానికంటే తక్కువ తూగింది. పులిలా నోటీసు పంపారు. బరువు తగ్గించే పొడి కనుక ముందుగా తానే తగ్గి ఆదర్శంగా నిలిచిందని కంపెనీ జవాబు రాసింది. జవాబు సంతృప్తికరంగా ఉందని పెద్దాఫీసరు ఫైలు మూశారు. మూస్తున్న చేతి పక్కనే ఒక డబ్బా ఉంది. "మీ అంత నిరాడంబరుణ్ణి నేను చూళ్ళేదండీ" అన్నారు ఆయన, చెమ్మగిల్లిన కళ్ళతో.

ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలో కూలబడి, ప్రకటన కింద జనం రాసినవన్నీ చదివారు. వేలమంది. అందరూ తగ్గినవాళ్ళే. అందరూ ఆయన్ని చూసి మొదలుపెట్టినవాళ్ళే. ఒక్కడికి తెలిసింది నిజమా, ఇంతమందికి తెలిసింది నిజమా? ఎంత ఆలోచించినా తాను ఆ పొడి తినలేదన్నదానికి ఆయన దగ్గర తన మాట తప్ప మరో ఆధారం దొరకలేదు. ఉత్త మాటను నమ్మకూడదు కదా.

డబ్బా మూత తీసి, వంటింటి వైపు తిరిగారు.

"ఏమే, ఇది భోజనానికి ముందా, తర్వాతా?"

"ముందేనండీ" అంది ఆవిడ లోపల్నుంచి. "మీరే చెప్పారుగా."