వియ్యపురాలి కోసం దాచిన బాతులు

ఆ ఆదివారం పొద్దున జెలీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తన పెద్దబాతుల మందను ఒక్క పూటకి పక్కింటి అనిసే కొట్టంలో దాచాలి. పారిస్ నుంచి వస్తున్న కాబోయే వియ్యపురాలికి మాంసం ముక్క తగలని భోజనం పెట్టాలి. సాయంత్రానికల్లా కూతురు మైలిస్ పెళ్లి ఖాయం చేసుకోవాలి. ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న గాస్కనీ అంతటా డిసెంబరు పొగమంచు పరుచుకుని, మొక్కజొన్న చేలూ ఊరూ చర్చి గంటా అన్నీ ఎక్కడికో తేలిపోయినట్టున్నాయి. అలాంటి పొద్దున ఏ పథకమైనా నెరవేరేలాగే కనిపిస్తుంది.

"ఆవిడకి బాతులంటే ప్రాణమేగా? మరి నా బాతుల్ని చూస్తే ఏమవుతుందట?" అని అడిగింది జెలీ.

"అమ్మా, ఆవిడ ప్రతి శనివారం కూడలిలో అట్ట పట్టుకుని నిలబడుతుందే! బాతుల గొంతులో గొట్టం పెట్టి మేత కూరేవాళ్లు రాక్షసులని దాని మీద రాసుంటుంది."

"అంటే నేనేనా?"

"నీ పేరు రాయలేదులే."

 జెలీ భర్త పోయాక ఆ ఇంట్లో మైలిస్ పాడుకుంటూ తిరగడం ఈ ఏడాదే మొదలైంది. ఆ పాటకి కారణం ఆమె మనసిచ్చిన ఒరేలియన్. ఆ ఒరేలియన్‌కి ఉన్నది తల్లి ఒక్కతే. ఆవిడ ముఖం చిట్లిస్తే ఈ పాట మళ్లీ ఆగిపోతుంది. 

బాతులతో వచ్చిన చిక్కల్లా ఒకటే. మేత పెట్టే మనిషిని తప్ప మరొకర్ని అవి దగ్గరికి రానివ్వవు. వాటి కంటికి తెలిసిందల్లా జెలీ నీలం ఏప్రన్, తలకి కట్టే గళ్ల రుమాలు. అందుకని ఆ రెండూ అనిసేకి కట్టబెట్టింది.

"మీసాలున్న మగాణ్ణి పట్టుకుని ఈ వేషమేమిటి జెలీ? ఎవరైనా చూస్తే నా బతుకు బజారున పడదూ?" అన్నాడు అనిసే, రుమాలు ముడి గడ్డం కింద బిగించుకుంటూ.

"ఈ మంచులో నిన్ను నువ్వే చూసుకోలేవు, పదవయ్యా! ఎవరైనా అడిగితే అవి నా బాతులని మాత్రం చెప్పకు."

నీలం ఏప్రన్ వెనకాల మంద అంతా బుద్ధిగా మంచులోకి నడిచి మాయమైంది. కాసేపు అరుపులు మాత్రం వినిపించాయి, తర్వాత అవీ లేవు. జెలీ వంటింట్లోకి వచ్చి పొయ్యి వెలిగించింది.

ఆ వంట ఆమె కలలో చేసినట్టు చేసింది. చక్రాలుగా కోసిన బంగాళాదుంపలు వేగుతుంటే కూతురు తెల్లగౌనులో కనిపించింది. చిక్కుళ్లు ఉడుకుతుంటే మనవడు కనిపించాడు. అడవి పుట్టగొడుగులు చిటపటలాడుతుంటే ఆ మనవడికి పేరు కూడా పెట్టేసింది. ఇక ఆపిల్ పేస్ట్రీకి పిండిని కాగితంకన్నా పల్చగా లాగి, పొర పొరకీ ఈకతో బాతు కొవ్వు రాసింది. దుంపల్లోనూ చిక్కుళ్లలోనూ పుట్టగొడుగుల్లోనూ పడింది ఆ కొవ్వే. అది మాంసమని ఆ ఊళ్లో పుట్టిన ఎవరికీ తట్టదు. నూనె పోసినట్టు, ఉప్పు వేసినట్టు వేస్తారు. ఆమె మనస్ఫూర్తిగా శాకాహారమే వండింది.

అతిథులు వచ్చేసరికి ఆలస్యమైంది. ఒరేలియన్ తల్లి సోలాంజ్ సన్నగా, పొడుగ్గా, బూడిదరంగు కోటులో మంచులోంచే పుట్టినట్టు గుమ్మంలో నిలబడింది. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

"వదినగారూ, మీ ఊరు ఎంత గొప్పదండీ! దారి తప్పి పక్క కొట్టం దగ్గర ఆగాం. అక్కడ ఒకావిడ ముసలి బాతులకి ఆశ్రమం నడుపుతోంది!"

"ఆశ్రమమా?" అంది జెలీ.

"అవునట! చివరిదాకా కన్నబిడ్డల్లా చూసుకుంటుందట. మాట కాస్త బొంగురు. పాపం, మీసాలు కూడా వచ్చాయి ఆవిడకి. మనిషి మాత్రం దేవత. భోజనమయ్యాక మళ్లీ వెళ్లి కలుస్తాను."

జెలీ గబగబా ఆవిడకి కుర్చీ జరిపి వేసింది. "ఆవిడ... ఆదివారం మధ్యాహ్నాలు ఎవరితోనూ మాట్లాడదండీ" అంది. మైలిస్ కిటికీ వైపు తిరిగి దగ్గింది.

వడ్డన మొదలైంది. సోలాంజ్ ఒక దుంప ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "ఇంత కమ్మదనం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"అదేముందండీ, బాతు కొ..." అంటుండగానే బల్ల కింద మైలిస్ కాలు తగిలింది. అప్పటిదాకా తట్టనిది అప్పుడు తట్టింది జెలీకి.  "...కొత్త వెన్న" అని ముగించింది. దుంపల పళ్లెం చప్పున వెనక్కి లాగి చిక్కుళ్లు జరిపింది. చిక్కుళ్లలోనూ అదేనని గుర్తొచ్చి పుట్టగొడుగులు జరిపింది. అందులోనూ అదే. చివరికి రొట్టె బుట్ట ఒక్కటీ అతిథి ముందుంచి, "ఇది తినండి, ఉత్త రొట్టె. చాలా బాగుంటుంది" అంది.

సోలాంజ్ ముఖం అక్కణ్ణుంచి దిగిపోవడం మొదలైంది. రొట్టె తుంచుతుంది, పెరటి కొట్టు తలుపు వైపు చూస్తుంది, నిట్టూరుస్తుంది. జెలీ ఆ తలుపు వైపు కదిలినప్పుడల్లా ఆవిడ ఆశగా తలెత్తి, మళ్లీ దించుకుంటుంది. అయిపోయింది, కొవ్వు సంగతి పసిగట్టేసింది అనుకుంది జెలీ. ఒరేలియన్ తల్లి చెవిలో ఏదో గొణిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, "ఇంకేం చూస్తాంరా, తెలిసిపోతూనే ఉందిగా" అంది. మైలిస్ చేతిలో ఫోర్కు కింద పడింది.

గుండె చిక్కబట్టుకుని జెలీ గట్టిగా నవ్వుతూ, "ఇదిగో, ఇప్పుడే వస్తా! ఆపిల్ పేస్ట్రీ తెస్తా!" అని కేకేసింది. మేతవేళకి బాతుల్ని పిలిచే గొంతే అది. అసలు మేతవేళ కూడా అదే.

మంచులోంచి జవాబొచ్చింది. ముందు ఒక అరుపు, దాని వెనక అన్నీ. పెరట్లో తెల్లగా ఏదో కదిలింది. మంచే నడిచి వస్తోందా అన్నట్టు పెద్దబాతులు వరసగా గుమ్మం ఎక్కి వంటింట్లోకి వచ్చి, జెలీ చుట్టూ చేరి, మెడలు చాచి ముక్కులు తెరిచి నిలబడ్డాయి. వాటి వెనకాల ఏప్రన్ తొక్కుకుంటూ, రొప్పుతూ అనిసే వచ్చాడు.

"గడియ పెట్టాను జెలీ, ఒట్టు! నీ గొంతు వినగానే తలుపే తోసేశాయి!"

"ఆశ్రమం ఆవిడ!" అంది సోలాంజ్ లేచి నిలబడి.

అనిసే మర్యాదకొద్దీ రుమాలు తీశాడు. నున్నటి బట్టతల బయటపడింది. అతను మళ్లీ రుమాలు కట్టేసుకున్నాడు.

జెలీ కుర్చీలో కూలబడింది. ఇక దాచడానికి ఓపిక లేదు. "బాతులు నావేనండీ. గొట్టం పెట్టి మేత కూరేది ఈ చేతులే. పండక్కి ముందు కోసేదీ ఇవే. మీరు తిన్న ప్రతి ముద్దలోనూ వాటి కొవ్వే ఉంది. మోసం చేద్దామని కాదు, అది మాంసమని నాకు తట్టలేదు. తప్పు నాది, పిల్లది కాదు. దాన్ని మాత్రం కాదనకండి."

 సోలాంజ్ కళ్లు నిండాయి.

"నేను కాదనడమేమిటండీ? మీరే మమ్మల్ని కాదన్నారనుకున్నాను!"

"మేమా!"

"మా వీధిలో మీ వైపువాళ్లున్నారు. మొదటి భోజనానికి ఫ్వాగ్రా, అదే కొవ్వెక్కించిన బాతు కార్జం, పెట్టలేదంటే సంబంధం వద్దన్నట్టేనని చెప్పారు. ఒక్కో పళ్లెం వస్తోంది, అది మాత్రం రావట్లేదు. చివరికి ఉత్త రొట్టె పెట్టారు!"

జెలీ నుదురు కొట్టుకుంది. నిజమే. ఆ ఊళ్లో వియ్యానికొచ్చినవాళ్లకి బాతు కార్జం ముక్క పెట్టకపోవడమంటే తలుపు మూసినట్టే. బాతుల్ని దాచే హడావుడిలో ఆ సంగతే మరిచిపోయింది.

"మీరు ముట్టరు కదండీ!"

సోలాంజ్ కొడుకు వైపు చూడకుండా చెప్పింది. "వీడి కోసం తినాలని తీర్మానించుకున్నాను. మీ ముందు వాంతి చేసుకుంటానేమోనని ఫ్వాగ్రా డబ్బా కొనుక్కుని రోజూ కొంచెం సాధన చేశాను. మొదట్లో ముక్కు మూసుకున్నాను."

"తర్వాత?" అన్నాడు ఒరేలియన్.

"తర్వాత మూసుకోలేదు" అంది ఆవిడ, చాలా చిన్నగా.

మైలిస్ పరుగున వెళ్లి కొట్టులోంచి సీసా తెచ్చింది. పైన పేరిన పసుపు కొవ్వు కింద లేతగులాబీ రంగులో నిగనిగలాడుతోంది కార్జం. కాల్చిన రొట్టె మీద ఒక ముక్క పెట్టింది. సోలాంజ్ కొరికింది. నమలడానికేమీ మిగల్లేదు. అంతా నాలుక మీదే కరిగి, తియ్యగా, కొద్దిగా చేదుగా, మెల్లగా గొంతులోకి దిగింది. కిటికీలో మంచు, వెచ్చటి పొయ్యి, కాళ్ల చుట్టూ బాతులు. కాసేపు తాను ఎక్కడున్నదీ ఆవిడకి తెలియలేదు.

"చాలా బాగుంది. బాగున్నంత మాత్రాన తప్పు ఒప్పైపోదు కూడాను" అంది కళ్లు తుడుచుకుంటూ.

"కాదండీ, అవ్వదు" అంది జెలీ.

"రండి వదినగారూ, మీరూ ఒక ముక్క తినండి."

"నేనా? నేను తినను."

"అదేంటమ్మా, ఎప్పట్నుంచి?" మైలిస్ నిర్ఘాంతపోయింది.

"నువ్వు పుట్టకముందు నుంచే. నా చేత్తో వాటికి తినిపించి, మళ్లీ వాటినే నేను తినాలంటే ముద్ద దిగదు. పండక్కి మీ అందరికీ నిలబడే వడ్డిస్తానుగా, నా పళ్లెంలో ఏముందో ఎవరు చూశారు?" అని ఒక బాతు మెడ నిమిరింది. అది ఇంకా ముక్కు తెరుచుకునే ఉంది.  సోలాంజ్ లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. 

పెళ్లి వసంతంలోనని అప్పటికప్పుడే ఖాయమైంది. వియ్యపురాళ్లిద్దరికీ మాట పట్టింపు వచ్చింది ఒక్క విందు దగ్గరే. పెళ్లిలో ఫ్వాగ్రా అక్కర్లేదని ఒకావిడ, లేకపోతే కుదరదని ఒకావిడ సాయంత్రం దాకా వాదించుకున్నారు. అది లేకపోతే కుదరదని పట్టుబట్టింది మాత్రం పారిస్ ఆవిడ.